మెషీన్ హెడ్: నాన్న ఎల్పీ, కొత్త రీమాస్టర్, ఆరు వారాల డైరీ

జూలై 6, ఆదివారం

అటక మీద నుంచి నాన్న రికార్డుల పెట్టె దించాం. పోయిన ఏడాది వానలకు ఆ గోడ చెమ్మెక్కింది. చెన్నై సాలిగ్రామంలో మా ఇల్లు పాతది, అటక మీద ఏం పెట్టినా బూజు పట్టాల్సిందే. మొత్తం 41 ఎల్పీలు. నాకు ముందుగా కావలసింది ఒక్కటే, ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ డీప్ పర్పుల్ ఆల్బమ్ ‘మెషీన్ హెడ్’.

నాన్న గిండీలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో, 1979లో, మూర్ మార్కెట్‌లో దీన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఇంగ్లండ్‌లో అచ్చైన ప్రతి, ఊదా రంగు లేబుల్. అట్ట మీద తెల్లటి మచ్చలు, రికార్డు మీద మసక పొర. రికార్డు మాత్రం వంగిపోలేదు, అదే చాలు.

ఇప్పుడు ఎందుకు దించామంటే, తమ్ముడు సింగపూర్ నుంచి ఈ ఆల్బమ్ 2024 సీడీ ఎడిషన్ తెచ్చాడు. పోయిన ఆదివారం అందరం కూర్చుని విన్నాం. తమ్ముడు ఎగిరి గంతేశాడు. డ్రమ్స్ నేర్చుకుంటున్న మా అమ్మాయి మళ్లీ మళ్లీ పెట్టించుకుంది. నాన్న మాత్రం కాసేపు విని, "బాగుంది గానీ ఇది నేను విన్న రికార్డు కాదమ్మా" అన్నారు. ఆ మాట నన్ను వదల్లేదు. ఆయన చెవులకు 68 ఏళ్లు కాబట్టి అలా అనిపించిందా, లేక నిజంగానే తేడా ఉందా? రెండూ పక్కపక్కన పెట్టి, ఒకే వాల్యూమ్‌లో వినిపించి తేల్చాలి.

ఒక సంగతి మొదటే రాసుకుంటున్నాను, ఎందుకంటే మా ఇంట్లో అందరూ కలిపేస్తున్నారు. ఆ ఎడిషన్‌లో రెండు వేరువేరు ఆల్బమ్‌లు ఉన్నాయి. ఒకటి 1972 నాటి పాత మిక్స్‌కే చేసిన రీమాస్టర్. రెండోది ఒక్కో వాయిద్యం విడివిడిగా ఉండే మల్టీట్రాక్ టేపుల నుంచి డ్వీజిల్ జాప్పా చేసిన కొత్త మిక్స్. రీమాస్టర్ అంటే వండిన కూరలో ఉప్పూ కారం సరిచూడటం. రీమిక్స్ అంటే అవే కూరగాయలు పెట్టుకుని మళ్లీ పొయ్యి వెలిగించడం. పోయిన ఆదివారం మేం విన్నది రెండోది, పైగా వాల్యూమ్ పెంచి.

జూలై 9

కడగడం అయింది. కొలతలు: డిస్టిల్డ్ వాటర్ 400 మి.లీ., ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 100 మి.లీ., గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు. రెండు చుక్కలు మించితే తర్వాత కడగలేక చావాలి. మినరల్ వాటర్ వద్దు, ఆరాక రికార్డు మీది సన్నటి గాళ్లలో తెల్లటి మరక మిగులుతుంది. మెత్తటి మేక వెంట్రుకల బ్రష్‌తో గాళ్ల వెంబడే గుండ్రంగా తోమాలి, అడ్డంగా కాదు. లేబుల్ తడవకుండా దాని మీద ఒక ప్లాస్టిక్ మూత బోర్లించి పట్టుకున్నాను. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడిగి, గిన్నెల స్టాండులో నిలబెట్టి ఫ్యాన్ కింద రెండు గంటలు ఆరబెట్టాను. బూజు తుడిచేటప్పుడు మాస్క్ తప్పనిసరి. మొదటి రోజు పెట్టుకోలేదు, రాత్రంతా తుమ్ములే.

పెట్టెలో తాతయ్య కాలం నాటి 78 ఆర్‌పీఎం రికార్డులు కూడా నాలుగు ఉన్నాయి. వాటికి ఈ ద్రావణం తగలనివ్వకూడదు. అవి లక్క కలిపి చేసినవి, ఆల్కహాల్ తగిలితే లక్క కరిగిపోతుంది. వాటిని విడిగా తీసి పొడిగుడ్డలో చుట్టిపెట్టాను.

పాత కాగితం లోపలి కవర్లు పారేసి, కొత్త యాంటీ స్టాటిక్ కవర్లు వేశాను. అట్టను ఎండలో పెట్టలేదు, రంగు పోతుంది. నీడలో, గాలి తగిలే చోట మూడు రోజులు ఉంచాను.

జూలై 13, ఆదివారం

టర్న్‌టేబుల్ మా మేనమామ చాలా ఏళ్ల క్రితం న్యూజెర్సీ నుంచి వస్తూ తెచ్చింది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, బెల్టు మార్చి, రికార్డు పెట్టాను. ‘స్మోక్ ఆన్ ది వాటర్’ మొదలైంది. అందరికీ తెలిసిన ఆ గిటార్ రిఫ్, అంటే మళ్లీ మళ్లీ వచ్చే ఆ చిన్న వరస, ఎవరో నిద్రలో వాయిస్తున్నట్టు వచ్చింది. తమ్ముడు గిటార్ తీసి సరిచూశాడు. "అక్కా, ఇది ‘జి’ స్వరం కాదు, ఇంచుమించు ‘ఇ’ స్వరం. మూడు ఫ్రెట్లు కిందకి పోయింది."

కారణం తెలియడానికి ఒక పూట పట్టింది. ఈ మోటార్ వేగం వోల్టేజీని బట్టి కాక కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది. అమెరికాలో 60 హెర్ట్జ్, మన దగ్గర 50. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుంది గానీ ఫ్రీక్వెన్సీని మార్చదు. అంటే నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన పళ్లెం ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరుగుతోంది.

కొలవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. రికార్డు అంచు కింద చిన్న కాగితం ముక్క బయటికి కనబడేలా పెట్టి, ఫోన్‌లో మూడు నిమిషాలు టైమర్ పెట్టి లెక్కపెట్టాలి. సరిగ్గా 100 చుట్లు రావాలి. నాకు 83 వచ్చాయి. అమెరికా నుంచి బంధువుల చేత టర్న్‌టేబుల్ తెప్పించుకునేవాళ్లు కొనే ముందే దాని మోటార్ ఏ రకమో కనుక్కోవాలి. డీసీ మోటార్ అయితే ఈ గొడవ లేదు.

జూలై 20, ఆదివారం

మోటార్ మీద బెల్టు తిరిగే చిన్న చక్రం, అంటే పుల్లీ, పెద్దది చేస్తే సరిపోతుంది. పాతది వెర్నియర్‌తో కొలిస్తే 10 మి.మీ. దాన్ని 1.2తో గుణించి 12 మి.మీ. ఇత్తడి పుల్లీ కావాలని అంబత్తూరులో ఒక లేత్ షాపులో చేయించాను. బిగించి లెక్కపెడితే 99 చుట్లు. ఒకటే కదా అనుకోవచ్చు. తమ్ముడి ట్యూనర్ ఒప్పుకోలేదు, నాకూ మనసొప్పలేదు.

నేను వదిలేసింది బెల్టు మందం. బెల్టు 0.6 మి.మీ. ఉంది, దాన్ని కలిపి లెక్క వేయాలి. 10.6ను 1.2తో గుణిస్తే 12.72, అందులోంచి 0.6 తీసేస్తే 12.12. ఆ కాగితం పట్టుకుని మళ్లీ అంబత్తూరు వెళ్లాను. లేత్ దగ్గర కూర్చున్న పెద్దాయన లెక్క చూసి, ఏమీ అడక్కుండా రెండో పుల్లీ చేసి ఇచ్చారు. ఇంటికొచ్చి లెక్కపెట్టాను, 100. ఇంకోసారి, 100. నాన్నను పిలిచి మూడోసారి ఆయన చేత లెక్కపెట్టించాను.

జూలై 27

ముల్లు కొత్తది వేశాను. అది రికార్డు మీద మోపే బరువు 2 గ్రాములు, చిన్న డిజిటల్ త్రాసుతో చూసుకున్నాను. ముల్లును పట్టుకునే కార్ట్రిడ్జ్ కోణం సరిచేసే ప్రొట్రాక్టర్ కాగితం ప్రింట్ తీసేటప్పుడు సైజు 100 శాతం ఉండాలి. ప్రింట్ అయ్యాక స్కేలు పెట్టి చూస్తే నాది 97 శాతం వచ్చింది, మళ్లీ తీయాల్సి వచ్చింది. గుయ్‌మనే హమ్ ఎర్త్ తీగ బిగించగానే పోయింది. కేబుళ్లు, యూఎస్‌బీ ఆడియో పెట్టె ఎలక్ట్రానిక్స్ కొట్లుండే రిచీ స్ట్రీట్‌లో తీసుకున్నాను.

ఆగస్టు 3, ఆదివారం

ఎల్పీని 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో కంప్యూటర్‌లోకి ఎక్కించాను. అతి పెద్ద శబ్దం మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకున్నాను. పోల్చడానికి మూడు పాటలు: ‘హైవే స్టార్’, ‘స్మోక్ ఆన్ ది వాటర్’, ‘లేజీ’. మొదటి రెండూ చెరో వైపున మొదటి పాటలు. రికార్డు అంచు దగ్గర గాళ్లు పొడవుగా ఉంటాయి కాబట్టి శబ్దం అక్కడే శుభ్రంగా ఉంటుంది. చివరి పాటతో పోలిస్తే ఎల్పీకి అన్యాయం చేసినట్టు.

ఇక వాల్యూమ్. ఈ పనంతటిలో ముఖ్యమైనది ఇదే. ఒక్క డెసిబెల్ ఎక్కువ ఉన్నా చెవి దాన్ని "గట్టిగా ఉంది" అనుకోదు, "బాగుంది" అనుకుంటుంది. అందుకని ఎల్పీ, రీమాస్టర్, కొత్త మిక్స్ మూడింటినీ మైనస్ 20 లఫ్స్‌కి (చెవికి ఎంత గట్టిగా వినబడుతుందో కొలిచే లెక్క) తెచ్చాను. ఎక్కువున్నదాన్ని తగ్గించడమే తప్ప తక్కువున్నదాన్ని పెంచలేదు. ఎల్పీకి ఉండే చిటపటల వల్ల ఏది ఏదో తెలిసిపోతుంది కనుక, పాట మొదలవకముందు ఖాళీ గాడిలో వచ్చే ఆ సన్నటి సవ్వడిని విడిగా కోసి, సీడీ నుంచి తీసిన రెండింటి కిందా కలిపాను. ఇది తమ్ముడి ఆలోచన. చాలా మంచి ఆలోచన.

ఆగస్టు 10, ఆదివారం

వినేవాళ్లు నలుగురు: నాన్న, తమ్ముడు, మా అమ్మాయి, నాన్న కాలేజీ స్నేహితుడు. ఆయన్ని మేం బాబాయ్ అనే పిలుస్తాం. కాలేజీ బ్యాండ్‌లో బేస్ వాయించేవారు, ఇప్పుడు పెరంబూరులో ఉంటున్నారు. ఫైళ్లకు ఒకటి, రెండు, మూడు అని పేర్లు పెట్టి, ప్రతి పాటకూ వరస మార్చి, జవాబులు చీటీ మీద రాసి కవర్లో పెట్టాను. స్పీకర్లకు సరిగ్గా ఎదురుగా ఒక్క కుర్చీయే. ఒక్కొక్కరే కూర్చుని వినాలి, కాగితం మీద రాయాలి, మాట్లాడకూడదు. నాన్నకు అదనంగా ఒక ప్రశ్న: ఈ మూడింటిలో నీ రికార్డు ఏది?

‘లేజీ’ రౌండ్ కొట్టేయాల్సి వచ్చింది. ఆర్గన్ మొదలైన కాసేపటికి ఒక గీత ఉంది, 1.8 సెకన్లకోసారి టక్, టక్ అని నాలుగుసార్లు. అంటే పళ్లెం ఒక్కో చుట్టుకీ ఒకసారి. బాబాయ్ కళ్లు తెరిచి, "ఇది నేను పెట్టిన గీతే అమ్మాయ్, 1981లో హాస్టల్ గదిలో చెయ్యి జారింది" అన్నారు. నాన్న వెంటనే, "నువ్వా? ఇన్నేళ్లూ మార్కెట్‌లో కొన్నప్పుడే ఉందనుకున్నాను" అన్నారు. ఇక పరీక్ష ఎక్కడ సాగుతుంది?

మిగిలిన రెండు పాటల ఫలితం. తమ్ముడు, అమ్మాయి రెండిటికీ కొత్త మిక్స్‌నే ఎంచుకున్నారు. వాల్యూమ్ సమానంగా ఉన్నా అదే నచ్చింది కాబట్టి అది నిజమైన ఇష్టమే. బాబాయ్ ‘హైవే స్టార్’కి ఎల్పీ, ‘స్మోక్’కి రీమాస్టర్. నాన్న రెండు పాటలకూ "ఇదే నా రికార్డు" అని చూపించింది 2024 రీమాస్టర్‌ని.

కవర్ తెరిచి చెప్పగానే ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే వాళ్లు దాన్ని పాడు చేయలేదన్నమాట" అన్నారు. ఆ ముఖం చూడటానికే ఈ ఆరు వారాలూ పడ్డాననిపించింది.

అప్పుడు కొత్త మిక్స్ గురించి ఆయన అభ్యంతరం ఏమిటో మాటల్లోకి వచ్చింది. బ్యాండ్‌లో ఆర్గన్ వాయించే జాన్ లార్డ్ తన హామండ్ ఆర్గన్‌ని గిటార్లకు వాడే మార్షల్ యాంప్లిఫయర్ల గుండా వాయించేవాడు. రిచీ బ్లాక్‌మోర్ గిటార్ ఎక్కడ ఆగిందో, ఆర్గన్ ఎక్కడ మొదలైందో తెలియకపోవడమే నాన్నకు ఈ బ్యాండ్ రుచి. కొత్త మిక్స్‌లో రెండూ విడివిడిగా నిలబడ్డాయని ఆయన బాధ. తమ్ముడికి అదే వరం. బ్లాక్‌మోర్ ఆ రిఫ్‌ని పిక్ లేకుండా వేళ్లతో మీటడం వాడికి ఇప్పుడు తెలుస్తోంది, విని నేర్చుకుంటున్నాడు. నేను నాన్న పక్షమే. పాఠానికి కొత్త మిక్స్, ఆల్బమ్‌కి పాత మిక్స్.

అమ్మాయి కాగితం మీద ఇంకో మాట రాసింది: "స్మోక్ పాటలో డ్రమ్స్ వేరే గదిలో ఉన్నట్టున్నాయి." దానికి ఆ కథ తెలియదు. 1971 డిసెంబరు 4న స్విట్జర్లాండ్‌లోని మాంట్రో కాసినోలో అమెరికన్ రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జాప్పా కచేరీ జరుగుతుండగా ఎవరో ఫ్లేర్ గన్ పేల్చారు, భవనం కాలిపోయింది. డీప్ పర్పుల్ ఆ కాసినోలోనే రికార్డింగ్ చేద్దామని వచ్చి ఉన్నారు. దాంతో పెవిలియన్ అనే హాలుకు మారారు. శబ్దానికి చుట్టుపక్కలవాళ్లు ఫిర్యాదు చేస్తే పోలీసులు వచ్చి ఆపించారు. ఆ లోపు ఒక్క పాట బ్యాకింగ్ ట్రాక్ (గొంతు లేకుండా వాయిద్యాల భాగం) మాత్రం పూర్తయింది, అదే తర్వాత ‘స్మోక్ ఆన్ ది వాటర్’ అయింది. మిగతా పాటలు చలికాలానికి మూసేసిన గ్రాండ్ హోటల్ కారిడార్లలో, పరుపులు అడ్డం పెట్టుకుని, బయట నిలిపిన రోలింగ్ స్టోన్స్ బ్యాండ్ మొబైల్ రికార్డింగ్ ట్రక్కులోకి రికార్డు చేశారు. అంటే అమ్మాయి విన్నది నిజమే, అది వేరే గదే. ఇప్పుడు కొత్త మిక్స్ చేసిన డ్వీజిల్ ఆ రాత్రి కచేరీ చేస్తున్న ఫ్రాంక్ జాప్పా కొడుకేనని చెబితే అది నమ్మలేదు.

భోజనాలయ్యాక ‘స్మోక్’ మళ్లీ పెట్టాం, ఈసారి ఎల్పీ మీదే. బాబాయ్ మూర్ మార్కెట్ మాట ఎత్తారు. 1985లో అది కాలిపోయిన మర్నాడు ఇద్దరూ వెళ్లి చూశారట. రికార్డులు అమ్మే కొట్లున్న వైపు నల్లగా కరిగిన ముద్దలు తప్ప ఏమీ మిగల్లేదట. తమకు వారం వారం రికార్డులు తీసిపెట్టే ముసలాయన బయట మెట్ల మీద కూర్చుని ఉన్నాడట. "పలకరించలేకపోయాంరా" అన్నారు నాన్న. పాట అయిపోయాక ముల్లు చివరి గాడిలో తిరుగుతున్నా చాలాసేపు ఎవరం లేవలేదు.

ఆగస్టు 17

మిగిలిన పని: నిమిషానికి 45 చుట్ల వేగానికి పుల్లీ రెండో మెట్టు చేయించాలి, అదే లెక్క, బెల్టు మందంతో సహా. రీమాస్టర్ ఫైళ్లు నాన్న ఫోన్‌లో వేసిచ్చాను, పొద్దున వాకింగ్‌లో వింటున్నారు. అటక ఖాళీ చేసి, మిగతా 40 ఎల్పీలూ హాల్లో చెక్క అలమరలోకి మార్చాను. పడుకోబెట్టకుండా నిలువుగా, మధ్యలో సిలికా జెల్ సంచులతో.

బాబాయ్ రాత్రి ఫోన్ చేశారు. ఆయన ఇంట్లోనూ రెండు పెట్టెలు ఉన్నాయట, పదేళ్లుగా తెరవలేదట, వచ్చే ఆదివారం ఆటోలో వేసుకొస్తానన్నారు. డిస్టిల్డ్ వాటర్ ఐదు లీటర్ల క్యాను తెచ్చిపెట్టాను.