మనకి 104 అంటే మందుల బండి, ఇక్కడ గొళ్లెం

ఇంగ్లాండ్‌లో సర్జరీలో ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు, "రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి నీకు, ఆపరేషన్ల దగ్గర ఏం చేస్తావే?" అంది మా అమ్మ. ఇక్కడ సర్జరీ అంటే మన వీధి చివరి డాక్టరుగారి క్లినిక్ లాంటిదే. ఒంట్లో బాగాలేకపోతే ముందు వెళ్లేది అక్కడుండే మామూలు డాక్టరు, అంటే జీపీ దగ్గరికే, పుట్టినప్పటి నుంచి రికార్డంతా ఉండేదీ అక్కడే. మా దగ్గర తొమ్మిది వేల పైచిలుకు పేషెంట్లు. నేను డాక్టర్ని కాను, అడ్మిన్‌ని. ఆస్పత్రుల నుంచి వచ్చే ఉత్తరాలు చదివి, కోడ్లు పెట్టి, ఎవరి ఫైలులో వాళ్లవి చేరుస్తాను. 2023 వేసవిలో ఈ పనికి ఇంకోటి తోడైంది.

ఆ ఏడాది జీపీలకి ప్రభుత్వంతో ఉన్న కాంట్రాక్టు ప్రకారం అక్టోబర్ 31 కల్లా ఇంగ్లాండ్‌లో ప్రతి జీపీ ప్రాక్టీసూ (అంటే మాలాంటి సర్జరీ) పేషెంట్ల రికార్డులో కొత్తగా చేరేది వాళ్లకి ఎన్‌హెచ్‌ఎస్, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ, యాప్‌లో కనిపించేలా చేయాలి. మందులు, అలర్జీలు అప్పటికే కనిపించేవి. ఇకమీదట డాక్టరు టైపు చేసిన మాటలూ, ఆస్పత్రి ఉత్తరాలూ కూడా. స్విచ్ వేసిన రోజు నుంచి చేరేవే సుమా, పాతవి కావాలంటే విడిగా అడగాలి. నిజానికి ఏడాది ముందే మొదలుకావాల్సింది. డాక్టర్ల సంఘం బీఎంఏ గట్టిగా అడ్డు చెప్పడంతో సాగింది.

స్విచ్ వేస్తే అయిపోయేదానికి ఇన్ని మీటింగులెందుకో అనుకున్నాను. అప్పుడే మా మేనేజరు 104 సంగతి చెప్పింది. మన ఊళ్లల్లో 104 అంటే మందుల బండి. ఇక్కడ అదొక పొడవాటి స్నోమెడ్ కోడుకి (రికార్డులో ఒక్కో విషయానికి పెట్టే అంకెల గుర్తు) చివరి మూడంకెలు. అది రికార్డులో పడిందంటే, ఎవరైనా చూసి సరేననేదాకా ఆ మనిషికి తలుపు తెరుచుకోదు. కొన్ని ప్రాక్టీసులు భయపడి అందరికీ ఒకేసారి 104 పెట్టేశాయి. మా డాక్టర్లు అందుకు ఒప్పుకోలేదు. అవసరమైనవాళ్లని వెతికి పెడదామన్నారు.

వెతకడం నా వంతైంది. గృహహింస అని కోడున్నవాళ్లు, పిల్లల రక్షణ కేసులున్న ఇళ్లు, మతి తప్పుతున్న వృద్ధులు. జాబితా తీయడానికి పావుగంట చాలు, ఒక్కో ఫైలు చదవడానికి వారాలు పట్టింది. గృహహింస కేసుల మీద పోలీసులూ సోషల్ సర్వీసులూ కలిసి కూర్చునే మరాక్ మీటింగుల నుంచి మాకు కాగితాలొస్తాయి. అవి యాప్‌లో ఆ దెబ్బలు తినే ఆవిడకి కనిపించాయంటే, ఆవిడ ఫోను లాక్కుని చూసే మొగుడికీ కనిపించినట్టే. సాయంత్రం ఇంటికొచ్చాక అన్నం సయించని రోజులున్నాయి.

పాత రికార్డు మొత్తం కావాలని అడిగినవాళ్లవైతే వరసవరసా చూడాలి. తనకు ప్రమాదం తెచ్చేదీ, వేరేవాళ్ల గుట్టు బయటపెట్టేదీ కనిపించకుండా దాచాలి. ఒకాయన ఫైలులో పదిహేనేళ్ల కిందటి మాట: "చెల్లెలు ఫోన్ చేసింది, మళ్లీ తాగుతున్నాడట, తను చెప్పినట్టు తెలియనివ్వొద్దంది." ఆ రోజు రాసిన డాక్టరు ఇది ఎప్పటికైనా ఆయన చదువుతాడని కలలో కూడా అనుకుని ఉండడు. ఆ వరసను దాచేశాం. ఇలాంటివి కంప్యూటరు పట్టిస్తుందని ఆశపడేవాళ్లకి నాదొకటే మాట, అక్కడ చెల్లెలి పేరు లేదు.

పొట్టి అక్షరాల గోల వేరే. ఊపిరి అందట్లేదనడానికి డాక్టర్లు ఎస్ఓబీ అని రాస్తారు. ఇంగ్లిష్‌లో అది ఏ తిట్టో మీకు తెలుసుగా. ఒకావిడ ఫోన్‌లో నన్ను కడిగేసింది.

ఇక నా తప్పు. శుక్రవారం సాయంత్రం ఆస్పత్రి ఉత్తరం ఒకటి ఫైలు చేశాను. కొత్తగా క్యాన్సర్ అని ఉంది. అక్కడివాళ్లు చెప్పే ఉంటారనుకున్నాను. చెప్పలేదు. ఆమె శనివారం రాత్రి ఒక్కతే కూర్చుని యాప్‌లో చదువుకుంది. సోమవారం ఎనిమిదింటికి మొదటి ఫోను ఆమెదే. అరవలేదు. "ఇది నా గురించేనా?" అని అడిగింది, అంతే. అప్పటి నుంచి కొత్త పెద్ద జబ్బు పేరున్న ఉత్తరం డాక్టరు పేషెంటుతో మాట్లాడేదాకా నా చేతిలోంచి కదలదు.

పిల్లల సంగతికొస్తే, తల్లిదండ్రులు చూసే వీలు పదకొండో పుట్టినరోజుకి తగ్గిపోతుంది. ఆ తర్వాత బిడ్డ ఎంత అర్థం చేసుకోగలదో చూసి డాక్టరు తేల్చాలి. పుట్టినరోజు మర్నాడు ఫోన్ చేసి "కన్నతల్లిని నేను" అనే తల్లులకు ఇది చెప్పడం నాకింకా చేతకాలేదు.

నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం మన తెలుగాయనే (గుర్తుపట్టకుండా కొంచెం మార్చి రాస్తున్నాను). కొడుకు దగ్గర ఉంటున్నారు, డెబ్బై దాటాయి. నేను తెలుగమ్మాయినని తెలిసి కౌంటరు దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగారు. "అమ్మా, డాక్టరుతో మొన్న చెప్పుకున్నది మావాడి ఫోన్‌లో కనబడుతుందటగా?"

చూస్తే ఖాతా తెరిచినప్పుడు పాస్‌పోర్టూ, ముఖం వీడియో ఈయనవి, ఈమెయిలూ పాస్‌వర్డూ కొడుకువి. కొడుకు చెడ్డవాడేం కాదు, తండ్రికి మందులు తెప్పించడానికే అలా చేశాడు. మన ఇళ్లల్లో అందరూ చేసేదే. మా నాన్న ఫోన్‌లో బ్యాంకు యాప్ నేనూ అలాగే చూస్తున్నాను.

డాక్టరు ముందు ఆ రోజు రాసినది యాప్‌లో కనిపించకుండా దాచారు. తర్వాత ఆయన్ని ఒంటరిగా కూర్చోబెట్టి ఎవరేం చూడొచ్చో అడిగారు. కొడుకుని పద్ధతిగా ప్రాక్సీగా, అంటే తండ్రి తరఫున యాప్ వాడే మనిషిగా, నమోదు చేశాం. అపాయింట్‌మెంట్లు, రిపీట్ మందులు వరకే, రికార్డు కాదు. ఈయన ఖాతాకి ఈయన ఈమెయిలే పెట్టించి, దాచినది మళ్లీ తెరిచాం. మూడు వారాలు, నాలుగు ఫారాలు. కొడుకు కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. "మా నాన్నకి నా దగ్గర దాపరికమేంటండీ?" అన్నాడు. ఏం చెప్పను? రూల్స్ అన్నాను.

ఓ పది రోజులకు పెద్దాయన మళ్లీ వచ్చారు. ఫోను నా ముందు పెట్టి, "ఇది నాకే కనబడుతుందన్నావుగా. ఇంగ్లిషులో ఉందమ్మా. ఏం రాశారో చదివి పెట్టు" అన్నారు.

లైనులో వెనక ముగ్గురున్నారు. పక్కగదిలోకి తీసుకెళ్లి తలుపేశాను.

"మనసు దిగులుగా ఉంటోంది, రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తోంది, ఇంటికి వెళ్లిపోవాలని ఉంది అన్నారని రాశారు, బాబాయిగారూ."

"ఊరు పేరు రాశారా?"

"లేదండీ. ఇల్లు అనే రాశారు."

"మరి ఇక్కడి ఇల్లనుకుంటారుగా చదివినవాళ్లు" అన్నారాయన. డాక్టరుగారికి నోట్ పెట్టాను, ఊరి పేరు కలపమని.