ఆవకాయ పౌచ్‌కి నీళ్ల పరీక్షా?

చెన్నైలో ఇంటి నుంచే ఆవకాయ, గోంగూర పచ్చడి అమ్మేవాళ్లు పౌచ్ సప్లయర్ ఇచ్చిన మైగ్రేషన్ (ప్లాస్టిక్ నుంచి తిండిలోకి దిగే పదార్థాల) రిపోర్టులో ‘పాస్’ అని ఉందా లేదా అని చూసి ఊరుకుంటారు. అంతకన్నా ముందు చూడాల్సింది పరీక్షకు ఏ ద్రవం వాడారన్నది. డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే రాసి ఉంటే ఆ కాగితం మంచినీళ్ల సీసాకి చెల్లుతుంది, ఆవకాయకి చెల్లదు.

ఈ పరీక్షకున్న భారత ప్రమాణం ఐఎస్ 9845. ఆ పద్ధతిలో తిండి బదులు దాన్ని పోలిన ద్రవం, అంటే సిమ్యులెంట్, వాడతారు. పీహెచ్ 5, అంతకు తక్కువ ఉన్న పులుపు సరుక్కి 3 శాతం ఎసిటిక్ యాసిడ్. నూనె తేలే సరుక్కి ఎన్-హెప్టేన్ అనే, పెట్రోలులా మండే ద్రావకం. ఆవకాయకి పులుపూ ఉంది, నూనే ఉంది, కాబట్టి రెండూ చేయించాల్సిందే. మామూలు నిల్వకి యాసిడ్‌తో 40 డిగ్రీల దగ్గర 10 రోజులు. మన మే నెల ఎండకి అదేమీ ఎక్కువ కాదు. హెప్టేన్‌కి 38 డిగ్రీలు, 30 నిమిషాలు చాలు. అది నూనెకన్నా చాలా గట్టిగా లాగుతుంది, అందుకే వచ్చిన అంకెని 5తో భాగిస్తారు.

ల్యాబులో లామినేట్ (పొరలు అతికించిన) పౌచ్‌ని ముక్కలు కోసి ద్రవంలో ముంచకూడదు, బయటి ఇంకు కూడా దిగి లెక్క చెడుతుంది. పౌచ్‌లోనే ద్రవం పోసి సీల్ చేయాలి. లోపల 15×20 సెంటీమీటర్లుంటే రెండు ముఖాలూ కలిపి 600 చదరపు సెం.మీ., అంటే 6 చదరపు డెసీమీటర్లు. గడువయ్యాక ద్రవాన్ని ఇగిర్చి, ముందే తూచిన గిన్నెలో పూర్తిగా ఆరబెట్టి, 100 డిగ్రీల ఓవెన్‌లో ఉంచి, తేమ చేరని మూతపాత్రలో (డెసికేటర్‌లో) చల్లార్చి, 0.1 మిల్లీగ్రాము వరకూ తూచాలి. శేషం 9.8 మి.గ్రా., పౌచ్ తగలని ఉత్త ద్రవం (బ్లాంక్) శేషం 1.4 అయితే మిగిలేది 8.4. దాన్ని 6తో భాగిస్తే చదరపు డెసీమీటరుకి 1.4.

ఎక్కువగా తప్పేది ఈ తూకం దగ్గరే. సముద్రగాలి తేమలో గిన్నె రెండు నిమిషాలు బయట ఉంటే చాలు, బరువు పెరుగుతుంది. డెసికేటర్‌లో నీలం సిలికా జెల్ గులాబీ రంగుకి తిరిగిందంటే మార్చేయాలి. గిన్నెని చేత్తో పట్టుకోకూడదు, చిమటానే వాడాలి. హెప్టేన్ ఇగిర్చేచోట మంట అసలు ఉండకూడదు. ఇంకొకటి, స్టైరీన్ లాంటి ఆవిరయ్యే పదార్థాలు ఇగిర్చేటప్పుడే పోతాయి. ఈ శేషంలో అవి కనపడవు, విడిగా అడగాలి.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) 2018 ప్యాకేజింగ్ నిబంధనల్లో మొత్తం మైగ్రేషన్ పరిమితి కిలోకి 60 మి.గ్రా. లేదా చదరపు డెసీమీటరుకి 10 మి.గ్రా. చిన్న పౌచ్‌లకి ఈ రెండూ ఒకటి కావు. 8×10 సెం.మీ. పౌచ్‌లో 50 గ్రాముల పచ్చడి పెడితే తగిలే మేర 1.6 చదరపు డెసీమీటర్లు. చదరపు డెసీమీటరుకి 3 మి.గ్రా. వస్తే హాయిగా పాస్. కానీ ఆ 50 గ్రాముల్లోకి దిగింది 4.8 మి.గ్రా., కిలో లెక్కన 96. గిండీలోని కేంద్ర ప్లాస్టిక్స్ సంస్థ సీపెట్‌కి పంపినా, మరో ల్యాబుకి ఇచ్చినా, పౌచ్ కొలతలూ సరుకు బరువూ రాసిచ్చి రెండు లెక్కలూ రిపోర్టులో వేయమనండి.