గుత్తకు తెచ్చిన కారులో నంది కొండకు

“గుత్తకా?” అన్నాడు నాయన.

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారు చుట్టూ ఒకసారి తిరిగి, తలుపు మీద చెయ్యి వెయ్యబోయి వెనక్కి తీసుకుని, అడిగిన మొదటి మాట అది. లీజుకు తీసుకున్నానని నేను చెబితే ఆయనకు అందిన మాట గుత్త. కోస్తాలో కౌలు అంటారు, మా హిందూపురం పక్క గుత్త. ముప్పై ఏళ్ళు ఇంకొకరి నాలుగెకరాలు గుత్తకు చేసిన మనిషి కాబట్టి, కారు రంగు గురించో వేగం గురించో కాకుండా ఒప్పందం గురించి అడగడం మొదలుపెట్టాడు. మధ్యలో వదిలేస్తే ఎట్ల? చెడిపోతే ఎవరు చేయించల్ల? గీత పడితే? మూడేండ్లు అయినాక ఎవరిది?

నేను ఆ కాగితాల మీద సంతకం పెట్టేముందు మా ఆడిటర్ కూడా ఇంత వరసగా అడగలేదు. అన్నిటికీ జవాబు చెప్పాను. కారు పోర్షే 911, 2020లో తయారైనది, నాది రెండో చెయ్యి. బెంగళూరు పీణ్యలో నేను నడిపే చిన్న మెషిన్ షాపు పేరు మీద మూడేళ్ళ లీజు. ఆర్‌సీ లీజు కంపెనీ పేరు మీదే ఉంటుంది. ముందు డిపాజిట్, ఆపైన నెలనెలా అద్దె, అద్దె మీద జీఎస్టీ. ఇన్సూరెన్సు, సర్వీసు వాళ్ళవి, టైర్లు మనవి. ఏడాదికి పన్నెండు వేల కిలోమీటర్లు దాటితే పైన ప్రతి కిలోమీటరుకూ కట్టాలి. మధ్యలో వదిలేస్తే మిగిలిన నెలల్లో కొంత భాగం కట్టాలి. మూడేళ్ళకు కారు తిరిగిచ్చెయ్యవచ్చు, లేదా ముందే రాసుకున్న ధరకు కొనుక్కోవచ్చు. కొత్తది కొనాలంటే, ఇరవై లక్షలు దాటిన కారుకు కర్ణాటకలో జీవితకాలపు పన్నే 18 శాతం, దాని మీద సెస్సు. నా పనికి పెట్టుబడి మెషిన్ల మీద ఉండాలి. అందుకే లీజు.

“పెంట తోలేది మనం, మూడేండ్లకు ఎత్తుకొని పోయేది వాడు,” అన్నాడు. తప్పుపట్టినట్టు కాదు, తనకు తెలిసిన లెక్క చెప్పినట్టు.

ఒక సంగతి ఆయనకు చెప్పలేదు, ఇక్కడ చెబుతాను, లీజుకు పోయేవాళ్ళకు పనికొస్తుంది. రెండేళ్ళ కింద మా బంధువుల పెళ్ళికి ఒక చోట ఇలాంటి కారే ఒక్కరోజు అద్దెకు తీసుకుంటే, తిరిగిచ్చేటప్పుడు చక్రం అంచు మీద గీత చూపించి డిపాజిట్‌లో సగం పట్టుకున్నారు. ఆ గీత పొద్దున నేను తీసుకునేటప్పుడే ఉంది, కానీ నా దగ్గర రుజువు లేదు. ఈసారి కారు చేతికి వచ్చిన రోజు గంటసేపు వీడియో తీశాను. నాలుగు చక్రాలు, ముందు బంపర్ అడుగు భాగం, అద్దాలు, సీట్ల కుట్లు, మీటర్ రీడింగు, అన్నీ. అవతల కుర్రాడు విసుక్కోకుండా టార్చి పట్టుకున్నాడు.

మంగళవారం పొద్దున ఐదుకు, బెంగళూరుకు ఉత్తరాన ఉన్న నంది కొండకు బయలుదేరాం. శనాదివారాలు ఆ దారి బైకులతో కిక్కిరిసిపోతుంది. స్టార్ట్ చేసే మీట స్టీరింగుకు తలుపు పక్క ఉంటుంది. పూర్వం ఫ్రాన్సులో ల మాన్ కార్ల పందెంలో డ్రైవర్లు పరిగెత్తుకొచ్చి కార్లలో దూకేవాళ్ళనీ, స్టీరింగు ఎడమ పక్క ఉన్న ఆ కార్లలో ఎడమ చేత్తో స్టార్ట్ చేస్తూ కుడి చేత్తో గేరు వెయ్యడానికి అలా పెట్టారనీ చెబుతారు. తిప్పగానే వెనకనుంచి గొంతు సవరించుకున్నట్టు ఒక మోత లేచి, అర నిమిషంలో సద్దుమణిగింది. నాయన ఠక్కున వెనక్కి తిరిగాడు.

“ఇంజన్ యాడుందిరా?”

“వెనక. వెనక ఇరుసు కంటే కూడా వెనక.”

మేక్రి సర్కిల్ దాకా ఏమీ మాట్లాడలేదు. సెల్లార్ గేటు దగ్గర, మా వీధి చివర, రెండు చోట్ల స్పీడ్ బ్రేకర్లకు బటన్ నొక్కి కారు ముక్కు నలభై మిల్లీమీటర్లు పైకి లేపడం మాత్రం గమనించాడు. హెబ్బాళ ఫ్లైఓవర్ ఎక్కి విమానాశ్రయం రోడ్డు మీద పడ్డాక అన్నాడు, “బండికి వెనక బరువెక్కువైతే కాడి లేస్తాది. ఎద్దులకు పట్టు ఉండదు. దీనికి ఎట్ల?”

ఈ కారు కథంతా ఆ ప్రశ్నలో ఉంది. దేవనహళ్ళి దగ్గర ఖాలీ దోసె తింటూ ఆయనకు మొదటినుంచీ చెప్పాను.

ఫెర్డినాండ్ పోర్షే 1931లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో పెట్టింది కార్ల ఫ్యాక్టరీ కాదు, ఇంజనీరింగ్ డిజైన్లు గీసిచ్చే ఆఫీసు. ఫోక్స్‌వాగన్ బీటిల్ అక్కడ గీసిందే. గాలితో చల్లబడే ఇంజన్ వెనక పెట్టడం అందులోనే ఉంది. అది హిట్లర్ ప్రభుత్వం చేయించుకున్న కారు. యుద్ధకాలంలో పోర్షే కంపెనీ పనుల్లో బలవంతంగా పట్టుకొచ్చిన కూలీలు చాకిరీ చేశారు. ఆఫీసు పెట్టినప్పుడు డబ్బు తెచ్చిన భాగస్వాముల్లో ఆడాల్ఫ్ రోజెన్‌బెర్గర్ అనే రేసు డ్రైవర్ ఒకడు. యూదుడు. 1935లో తన వాటా వదులుకోవాల్సి వచ్చింది, అదే ఏడు నాజీలు పట్టుకుని క్యాంపులో పెట్టారు. బయటపడి చివరికి అమెరికా చేరాడు. ఆ కారును ఎంత ఇష్టపడినా ఈ పేరు చెప్పకుండా దాని చరిత్ర చెప్పడం నాకు చేతకాదు. నాయన దోసె తుంచడం ఆపి, “వాటా మళ్ళీ ఇచ్చినారా?” అని అడిగాడు. యుద్ధం తర్వాత కొంత డబ్బూ ఒక కారూ ఇచ్చి సర్దుకున్నారు గానీ కంపెనీలో వాటా మాత్రం రాలేదని చెప్పాను. తల అడ్డంగా ఊపాడు.

యుద్ధం అయ్యాక ఫెర్డినాండ్‌ను ఫ్రాన్సులో ఇరవై నెలల దాకా జైల్లో పెట్టారు. ఆ రోజుల్లో కొడుకు ఫెర్రీ, ఆస్ట్రియాలో గ్మ్యుండ్ అనే ఊళ్ళో పాత రంపపు మిల్లులో పని నడిపించాడు. పోర్షే పేరు పెట్టుకున్న మొదటి కారు, 356, 1948లో అక్కడే పుట్టింది. తర్వాత తరం ఫెర్డినాండ్ అలెగ్జాండర్, ఫెర్రీ కొడుకు, గీసిన బొమ్మే 911. 1963 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో పెట్టినప్పుడు దాని పేరు 901. నడుమ సున్నా ఉన్న మూడంకెల పేర్లు తమవని ఫ్రెంచి కంపెనీ పెజో అడ్డుచెప్పడంతో సున్నా కాస్తా ఒకటి అయింది.

ఇంతవరకూ మర్యాదకు విన్నాడు. అసలు ఆయన కళ్ళు వెలిగింది తర్వాతి మాటకు. పోర్షే పేరు మీద ట్రాక్టర్లు కూడా ఉండేవి. 1956 నుంచి 1963 దాకా మానెస్‌మన్ కంపెనీ ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌లో పోర్షే డిజైన్‌తో ఎర్రటి డీజిల్ ట్రాక్టర్లు చేసింది. జూనియర్ అనే చిన్నదానికి ఒకటే సిలిండర్, 14 హార్స్ పవర్. రేడియేటర్ లేదు, నీళ్ళు లేవు, గాలే.

“మన ఐషర్ మాదిరి!”

అవును, మా ఐషర్ లాగే. అదీ జర్మనీ నుంచి వచ్చిన ఇంజనే. 1959లో ఫరీదాబాద్‌లో మన దేశపు మొదటి ట్రాక్టర్‌గా బయటికొచ్చిన ఐషర్ వంశం. మాది ఎన్నో చేతులు మారి వచ్చింది. దాని సిలిండర్ చుట్టూ చేప మొప్పల్లాగా ఇనుప రెక్కలు. వేరుశెనగ కోత రోజుల్లో ఆ సందుల్లో పొట్టు, దుమ్ము, నూనె కలిసి పేరుకుపోయేది. గాలి ఆడక ఇంజన్ కాగిపోయేది. సాయంత్రం నాయన వేపపుల్ల చెక్కి ఒక్కో సందులో పెట్టి గీకేవాడు, నేను లాంతరు పట్టుకునేవాణ్ణి. ఫోన్‌లో పాత 911 ఇంజన్ ఫోటో తీసి చూపించాను. పెద్ద ఫ్యాను, కింద సిలిండర్ల మీద అవే రెక్కలు. రెండు వేళ్ళతో ఫోటో పెద్దది చేసి చాలాసేపు చూశాడు. మా కాఫీలు చల్లారిపోయాయి.

దేవనహళ్ళి దాటి ఎడమకు తిరిగాక ద్రాక్ష తోటలు. బెంగళూరు బ్లూ అనే నల్ల ద్రాక్ష పండేది ఈ చుట్టుపక్కలే. అద్దం దించమన్నాడు. ఒక తోట దగ్గర మందు కొడుతున్న రైతుతో తెలుగులోనే మాట్లాడాడు, చిక్కబళ్ళాపురం పక్క తెలుగు ఇంటి భాష. ఆ రైతు అడిగిందీ, కారు కాదు, ఈ సంవత్సరం మీ పక్క వానలెట్ల అని. సర్ విశ్వేశ్వరయ్య పుట్టిన ముద్దేనహళ్ళి కూడా ఇక్కడికి దగ్గరే. ఆయన పూర్వీకులది గిద్దలూరు పక్క మోక్షగుండం. ఇంకోసారి ఆ ఊరికే పోవాలనుకున్నాం.

కొండ ఎక్కేటప్పుడు కాడి ప్రశ్నకు జవాబు దొరికింది. నంది కొండ 1478 మీటర్ల ఎత్తు. పైకి పోయేకొద్దీ మలుపులు ఒకదాని మీద ఒకటి మడతలు పడతాయి. మొదటి 911లకు నిజంగానే ఆ జబ్బు ఉండేది. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీదినుంచి కాలు ఎత్తేస్తే వెనక బరువు బయటికి విసిరి కారు చుట్టు తిరిగేది. ఇంజన్ ముందుకో మధ్యకో జరిపితే తీరిపోయేది. వాళ్ళు జరపలేదు. వెనక చక్రాలను 57 మిల్లీమీటర్లు వెనక్కి జరిపారు. వెనక టైర్లు వెడల్పు చేశారు. 1989లో నాలుగు చక్రాలకూ పట్టు ఇచ్చే మోడల్ తెచ్చారు. తర్వాత వెనక సస్పెన్షన్‌నే కొత్తగా కట్టారు. 1970ల చివర కంపెనీయే 911ను ఆపేసి, ముందు ఇంజన్ ఉన్న 928తో నడుద్దామనుకుంది. 1981లో పీటర్ షుట్జ్ కంపెనీకి పెద్దగా వచ్చాడు. ముఖ్య ఇంజనీరు హెల్ముట్ బాట్ గదిలో గోడ మీది చార్టులో 911 గీత ఆ ఏటితో ఆగిపోయి ఉంటే, మార్కర్ తీసుకుని ఆ గీతను చార్టు దాటించి గోడ మీదికి లాగాడట. 2017కు పది లక్షల 911లు తయారయ్యాయి.

ఒక మలుపులో నేను కాస్త వేగంగానే తిరిగాను. వెనక బరువు టైర్లను నేలకు అదిమిపెట్టడం నడుముకు తెలిసింది, బయటికి వచ్చేటప్పుడు ఎక్కడా జారలేదు. 385 హార్స్ పవర్, వంద కిలోమీటర్ల వేగానికి నాలుగు సెకన్ల పైచిల్లర. ఆ అంకెలు ఆయనకు చెప్పాను గానీ పట్టించుకోలేదు. తలుపు పిడి పట్టుకుని, కళ్ళు మూసుకుని, కింద ఏం జరుగుతోందో వింటున్నాడు. “వెనక కూచుండాది గట్టిగా,” అన్నాడు. “బరువును తియ్యలేదు. బరువుతోనే పని చేయించుకున్నారు.” పది పుస్తకాలు చదివి నేను తెలుసుకున్నది అదే.

పైన పొగమంచు, కోతులు, టీ. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, లోయ కనబడలేదు. దిగాక నంది ఊళ్ళో భోగనందీశ్వరుడి గుడి దగ్గర ఆపాం. గుడి చూసి వచ్చి, ఇంజన్ చూపించమన్నాడు.

వెనక మూత ఎత్తాను. రెండు నల్ల ఫ్యాన్లు, ఆయిల్ పోసే మూత ఒకటి, నీళ్ళ మూత ఒకటి. అంతే. ఇంజన్ వాటి కిందెక్కడో దాగి ఉంది. వంగి, సందులోకి తొంగిచూసి, “రెక్కలు ఏవీ?” అన్నాడు.

1998తో ఆ రెక్కల కాలం అయిపోయిందని చెప్పాను. పొగ నియమాలూ చప్పుడు నియమాలూ బిగుసుకున్నాయి. ఒక్కో సిలిండర్‌కు నాలుగు వాల్వులు పెట్టాలంటే గాలి ఒక్కటే చాలలేదు. నీళ్ళకు మారక తప్పలేదు. ఆయిల్ చూసే కడ్డీ అడిగాడు. అదీ లేదు, స్క్రీన్ మీద చూపిస్తుందన్నాను. మూత పక్కన అరచెయ్యి ఆనించి, వేడి చూసుకుని, తీశాడు. భుజం మీది తువ్వాలుతో వెనక పక్క అంటిన ఎర్రదుమ్ము తుడవడం మొదలుపెట్టాడు. పెయింట్ మీద గీతలు పడతాయని చెప్పాలనుకున్నాను. నాకు ఆ వీడియో గుర్తొచ్చింది, డిపాజిట్ గుర్తొచ్చింది. చెప్పలేదు. ఐషర్‌ను తుడిచినట్టే, పైనుంచి కిందికి, ఒకే వాటంగా తుడిచాడు.

తిరుగుదారిలో ఎలహంక దాటాక అడిగాడు.

“సంవత్సరానికి పన్నెండు వేలు అన్నావు. ఈ నెల వెయ్యిలో ఎన్ని మిగిలినాయి?”

“ఆరువందలు ఉంటాయి నాయనా.”

“మన ఊరు పోయొస్తే?”

“రెండువందల యాభై లోపల.”

“ఆదివారం పోదాం. షెడ్డు కాడికి తీసుకురా. ఐషర్ స్టార్ట్ చేస్తా. రెండిటినీ పక్కపక్కన పెట్టి ఇనల్ల.”