నా కృపావరం తెలుసుకోవడానికి పట్టిన పది నెలలు – నా అనుభవం

పోయిన ఆదివారం మా సంఘ పెద్దలు పరిచర్యల ఏర్పాట్లు చూసే బాధ్యత నాకు ఖాయం చేశారు. కృపావరం అంటే సంఘ సేవ కోసం దేవుడు విశ్వాసికి ఇచ్చే సామర్థ్యం. నేను బయల్దేరింది మాత్రం ఉపదేశ వరం, అంటే బోధించే వరం, ఉందన్న నమ్మకంతో. మధ్యలో జరిగింది ఇంకా పచ్చిగా ఉండగానే రాస్తున్నాను.

మొదట బైబిలు చదవడం. రోమా 12:6-8, 1 కొరింథీ 12 నుంచి 14, ఎఫెసీ 4:11-13, 1 పేతురు 4:10-11. రెండు వారాల్లో అయిపోయింది. రోమా పత్రికలో ఏడు వరాలు, 1 కొరింథీ 12:8-10లో తొమ్మిది. ఏ రెండు జాబితాలూ సరిగ్గా ఒకేలా ఉండవు కాబట్టి వీటిని పూర్తి లెక్క అనుకోనక్కర్లేదు. ఒక్క మాట దగ్గర మాత్రం ఆగండి: 1 కొరింథీ 12:28లోని 'ప్రభుత్వములు'. అధికారం చెలాయించడమేమో అనుకుని నేను దాన్ని దాటేశాను. గ్రీకులో అది కుబెర్నేసిస్, అంటే చుక్కాని పట్టి ఓడను నడపడం. అపొస్తలుల కార్యములు 27:11లో పౌలు ఎక్కిన ఓడ నడిపేవాడికి వాడిన పదం కూడా ఈ కోవలోదే. ఈ సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉంటే నాకు నాలుగు నెలలు మిగిలేవి.

తర్వాత, ఎవరికి ఏ వరం ఉందో అంచనా వేసే ప్రశ్నావళి. 125 వాక్యాలు, 25 వరాలు, ఒక్కో వరానికి ఐదు వాక్యాలు, ఒక్కో వాక్యానికి మనకు మనమే వేసుకునే మార్కులు 0 నుంచి 3. అంటే ఒక వరానికి గరిష్ఠంగా 15. ఐదు వాక్యాలూ పక్కపక్కన ఉండవు. 1, 26, 51, 76, 101 ఒక వరుస. కూడేటప్పుడు వరుస తప్పితే ఫలితమంతా తారుమారు, అందుకే రెండుసార్లు కూడండి. నాకు ఉపదేశం 14, ఏర్పాట్లు (పైన చెప్పిన 'ప్రభుత్వములు' ఇదే) 8 వచ్చాయి.

చిక్కు ఇక్కడే ఉంది. ఆ వాక్యాలు ఎక్కువగా మన ఇష్టాన్ని అడుగుతాయి, జరిగినదాన్ని కాదు. కొత్తగా రక్షణ పొందినవాళ్లు ఏ పరిచర్యా చేసి ఉండరు కాబట్టి వాళ్ల మార్కులు ఉత్త కోరికలే. నేను తర్వాత చేసిన పని మీరు ముందే చేయండి. 3 వేసిన ప్రతి వాక్యం పక్కన గత ఏడాదిలో నిజంగా జరిగిన ఒక సంఘటన రాయండి. రాయలేకపోతే 1కి దించండి. అలా దిద్దితే నా ఉపదేశం 6కి పడిపోయింది. మీతో కలిసి పనిచేసిన ఇద్దరి చేత, మీ కాగితం చూపించకుండా, మీ గురించి అదే పత్రం నింపించండి. ఆ ఇద్దరూ నా ఏర్పాట్లకు 12 పైనే వేశారు.

దిద్దకముందే మా పెద్దల్లో ఒకరు అందరి మార్కులూ కూటంలో పైకి చదివేశారు. అది చేయకూడని పని. 14 విన్న వెంటనే యౌవనస్థుల తరగతి ఎనిమిది వారాలు నాకు అప్పగించారు. నాలుగో వారం ఆయనే వచ్చి కూర్చుని, చివర్లో చీటీలు పంచి, ఈరోజు విన్న ముఖ్య విషయం ఒక్క వాక్యంలో రాయమన్నారు. 14 చీటీలు వచ్చాయి. నేను చెప్పదలచుకున్నది రెండింటిలోనే ఉంది. మిగతా పన్నెండూ ఆయన అక్కడే, ఆ పిల్లల ముందే, ఒక్కొక్కటిగా చదివారు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

చీటీల పరీక్ష మంచిదే, ఇప్పుడు నేనూ దాన్ని సిఫారసు చేస్తాను. తప్పల్లా చదివిన చోటులో ఉంది. పాపం చేసిన సహోదరుణ్ణి కూడా మొదట ఒంటరిగా గద్దించమని మత్తయి 18:15 చెబుతుంది; నాది పాపం కూడా కాదు. 1 కొరింథీ 14:29 వివేచించమంది గానీ నలుగురిలో తల దించమనలేదు. పెద్దలుగా ఉన్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఎందుకు తప్పిందో తర్వాత తేలింది. నలభై నిమిషాల్లో పదకొండు వాక్యభాగాలు తిప్పించాను. సిద్ధపడేటప్పుడు నాకు కలిగిన ఆనందం చదువుకునేవాడి ఆనందం. ఉపదేశ వరానికి గుర్తు వినేవాడు నేర్చుకోవడం. ఈ రెండూ వేరని ఏ ప్రశ్నావళీ నాకు చెప్పలేదు.

అదే సమయంలో ఆదివారపు బడి తొమ్మిది మంది సేవకులతో కుంటుతోంది. ఎవరు రారో ఆ పూట దాకా తెలిసేది కాదు. ముగ్గురు చొప్పున మూడు జట్లు చేశాను. రెండు వారాల బోధ, ఒక వారం విశ్రాంతి. విశ్రాంతిలో ఉన్న జట్టు నుంచి ఒకరు అత్యవసరానికి. ఆ వారం ఎవరెవరు వస్తారో గురువారానికల్లా ఖరారు. మూడు నెలల్లో ఒక్క తరగతీ ఆగలేదు. నేను దీన్ని వరం అనుకోలేదు, చిన్న సాయం అనుకున్నాను. బడి చూసే అక్క పెద్దల దగ్గరికి వెళ్లి, "ఇతను వచ్చాక మాకు పిల్లల మీద మనసు పెట్టే తీరిక దొరికింది" అని చెప్పారు. 1 కొరింథీ 12:7 చెప్పే అందరి ప్రయోజనం అంటే ఇదే.

కాబట్టి ఒకే పరిచర్యలో కనీసం మూడు నెలలు ఉండండి, ఒకేసారి రెండు ఒప్పుకోకండి. అలసిపోవడం వరం లేదనడానికి రుజువు కాదు. వరం లేదని బాధ్యతా వదలొద్దు: కరుణ వరం లేనివాడూ రోగిని పరామర్శించాలి. బల్లల దగ్గర పనికి, అంటే ఆహారం పంచడానికి, ఏర్పడిన ఏడుగురిలో ఫిలిప్పు ఒకడు (అపొ. 6), 21:8 నాటికి ఆయన్ని సువార్తికుడన్నారు. మొదటి పనే చివరి పని అనుకోవద్దు. భాషలు (ఆత్మ ప్రేరణతో తెలియని భాషల్లో మాట్లాడటం), ప్రవచనం, స్వస్థత ఈనాటికీ ఉన్నాయా అన్నదానిపై సంఘాల్లో భేదాలున్నాయి. వాటిని మార్కులతో తేల్చకండి. భాషలకైతే 1 కొరింథీ 14:27-28 పెట్టిన హద్దులు చాలు: ఇద్దరు, మించితే ముగ్గురు, వంతు చొప్పున, అర్థం చెప్పేవాడు లేకపోతే సంఘంలో మౌనం.

నాకు మళ్లీ సమీక్ష ఆరు నెలల తర్వాత. అప్పటికి ఇంకో ఇద్దరికి జట్ల పట్టిక వేయడం నేర్పాలని పెద్దలు షరతు పెట్టారు. ఒకరు నిన్న సాయంత్రమే మొదలుపెట్టారు.