పీవీసీ పైపులో అహోబిలం కోతులు

విద్యార్థుల సదస్సుకు పోతూ బెంగళూరు మెజెస్టిక్‌లో బస్సెక్కి "ఐఐఎస్సీ" అంటే కండక్టరుకు అర్థం కాలేదు. "సైన్స్ ఇన్‌స్టిట్యూట్" అన్నాను. అప్పుడూ తల అడ్డంగా ఊపాడు. పక్క సీట్లో ఒళ్ళో పూలబుట్ట పెట్టుకున్న పెద్దావిడ నా చేతిలోని పైపు వైపు, నా వైపు చూసి "టాటా ఇన్‌స్టిట్యూటా?" అంది. అదే అది. 1909లో మొదలైన సంస్థను బెంగళూరు జనం ఇప్పటికీ టాటా పేరుతోనే పిలుస్తున్నారు.

బస్సులో ఆడవాళ్ళందరూ ఆధార్ చూపించి సున్నా టికెట్టు తీసుకుంటున్నారు. నేనూ చూపించాను. కండక్టరు అడ్రసు చదివి, "ఆంధ్రా" అని కార్డు వెనక్కిచ్చి డబ్బులడిగాడు. ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణమిచ్చే శక్తి పథకం కర్ణాటక వాళ్ళకేనని నాకు తెలుసు, ఆయన తప్పేమీ లేదు. కానీ అంతకు ముందే స్టేషన్ బయట ఒక ఆటో అతను 300 అడిగి ఉన్నాడు. రాత్రంతా నిద్ర లేదు. ఇంత చిన్న విషయానికే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

కొండవీడు ఎక్స్‌ప్రెస్ దొరికి ఉంటే నేరుగా యశ్వంత్‌పూర్‌లో దిగేదాన్ని, అక్కణ్ణుంచి ఇన్‌స్టిట్యూట్ దగ్గరే. అది వారానికి మూడు రోజులే, నాకు కావలసిన రోజున లేదు. నంద్యాలలో అర్ధరాత్రి దాటాక ప్రశాంతి ఎక్కాను. జనరల్ బోగీలో పైపు ఎక్కడ పెట్టాలో తెలియక ధర్మవరం దాకా ఒళ్ళోనే పెట్టుకున్నాను.

ఆ పైపు మూడడుగుల పీవీసీ ముక్క. బోరు పనిలో మిగిలినదాన్ని మా అన్న రంపంతో కోసి, రెండు వైపులా మూతలు బిగించి, సైకిల్ ట్యూబు ముక్కతో భుజానికి పట్టీ కట్టి ఇచ్చాడు. లోపల నా పోస్టరు ఉంది. ఆళ్ళగడ్డలో పెళ్ళిళ్ళకూ నాయకుల పుట్టినరోజులకూ ఫ్లెక్సీలు కొట్టే షాపులో వేయించాను. ఏ జీరో సైజు అంటే ఏమిటని షాపతను అడిగితే కొలతలు చెప్పాను, 841 మిల్లీమీటర్లు, 1189 మిల్లీమీటర్లు. గంటన్నర నా పక్కన కూర్చుని ఒక్కో గీతా సరిచేశాడు. డిజైనుకు డబ్బు తీసుకోలేదు, ఫ్లెక్సీ గుడ్డకే తీసుకున్నాడు. అతని పేరు పోస్టరు కింద కృతజ్ఞతల్లో వేద్దామంటే సిగ్గుపడి వద్దన్నాడు.

నేను వెళ్తున్నది స్టూడెంట్ కాన్ఫరెన్స్ ఆన్ కన్జర్వేషన్ సైన్స్‌కి. విద్యార్థుల కోసం బెంగళూరులో 2010 నుంచి జరుగుతోంది. కేంబ్రిడ్జ్‌లో జరిగే సదస్సుకు ఇది చెల్లెలు లాంటిది. వేదిక జె.ఎన్. టాటా ఆడిటోరియం. మనం చేసిన పనిని చిన్న వ్యాసంగా ముందే పంపాలి, వాళ్ళు చదివి ఉపన్యాసమో పోస్టరో ఇస్తారు. ఈ సంగతి నాకు ఎమ్మెస్సీ జువాలజీ చివరి సెమిస్టరులో తెలిసింది, అదీ వేరే ఊరి సీనియర్ ఒకమ్మాయి ఫోనులో చెబితే. మా డిపార్ట్‌మెంటులో సెలవు చీటీ మీద సంతకం అడిగితే, "అక్కడికి పోయి ఏం చేస్తావు, బీఈడీ ఫారం నింపావా లేదా?" అన్నారు. ఆ సంతకానికి నాలుగు రోజులు తిరిగాను. బీఈడీ మంచిదే. నాకు బాధ కలిగించింది ఒక్కటే. జువాలజీ చదివిన పిల్లకు జంతువులను చూసే పని ఒకటుందని ఐదేళ్ళలో ఒక్కరూ ఒక్క మాట చెప్పలేదు.

మాది దిగువ అహోబిలం. గుడి దారిలో అమ్మకు కొబ్బరికాయల అంగడి ఉంది. కోతులంటే మాకు రోజూ పోరాటమే. నేను వాటి మీద డిసర్టేషన్ తీసుకున్నానంటే అమ్మ అడిగిన మొదటి మాట, "కోతుల్ని చూస్తే జీతమిస్తారా?" నా దగ్గర జవాబు లేక ఊరుకున్నాను.

రూములో నాతో ఉన్న అమ్మాయి అస్సాం నుంచి వచ్చింది. జోర్హాట్ దగ్గరి హొల్లొంగాపార్‌లో హూలాక్ గిబ్బన్ల వెనక తిరుగుతుందట. మన దేశంలో ఉన్న తోకలేని వానరం అదొక్కటే. ఆ అభయారణ్యం మొత్తం సుమారు 21 చదరపు కిలోమీటర్లు, దాన్ని మధ్యలో రైలు పట్టా చీలుస్తుంది. గిబ్బన్ దాదాపుగా చెట్టు దిగదు. పట్టాకు ఇటువైపు కుటుంబం ఇటే, అటువైపుది అటే. పొద్దున్నే ఆడ, మగ కలిసి పాడతాయని చెప్పి, మెస్సులో పెరుగన్నం ముందు కూర్చుని గొంతు తగ్గించి అది ఎలా ఉంటుందో పాడి వినిపించింది. ముందు మగది చిన్నగా, తర్వాత ఆడది పైకి లేస్తూ లేస్తూ. పక్క టేబుల్ వాళ్ళు తినడం ఆపేశారు. నా హిందీ అంతంత మాత్రం, ఆమెదీ అంతే. ఆ రాత్రి పదకొండింటి దాకా మాట్లాడుకున్నాం.

అక్కడ నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచింది పలకరింపు. ఎవరు కనిపించినా "నీ జంతువు ఏది?" అనే అడుగుతారు. ఎన్ని మార్కులు, నాన్న ఏం చేస్తారు, ఏ కాలేజీ అని అడిగినవాళ్ళు ఎవరూ లేరు. ఒకబ్బాయిది కప్ప, ఒకామెది గబ్బిలం, ఇంకొకతనిది నక్క. నాది కోతి అని చెప్పినప్పుడు ఒక్కరూ నవ్వలేదు. ఏ జాతి, గుంపులో ఎన్ని, రోడ్డు దాటుతాయా అని అడిగారు.

మొదటి రోజు ఉపన్యాసాల్లో సగం నాకు అందలేదు. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది కానీ ఆ వేగం చెవికి పట్టలేదు. మధ్యాహ్నం టెన్షన్‌తో బయటికొచ్చి క్యాంపస్‌లో చెట్ల కింద నడిచాను. ఇక్కడే శాస్త్రవేత్త రాఘవేంద్ర గదగ్‌కర్ దశాబ్దాలుగా కందిరీగలను చూస్తున్నారు. ఒక్కొక్క దాని ఒంటి మీద రంగు చుక్కలు పెట్టి, ఏది రాణి, ఏది కూలి అని విడివిడిగా గుర్తుపడతారు. ఆ జాతి కందిరీగలో రాణి ఎవరినీ బెదిరించదట, సాధువుగా ఉంటుందట. మా ఇంటి చూరుకు పట్టిన కందిరీగ గూళ్ళను మేము పొగబెట్టి తగలేసేవాళ్ళం. దాన్ని చూస్తూ ఒక మనిషి జీవితమంతా గడిపాడంటే, అహోబిలం కోతిని చూడడానికి నేను ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర లేదనిపించింది.

రెండో రోజు పోస్టర్లు. పక్కన అందరివీ కాగితం మీద, కొందరివి గుడ్డ మీద. నాదొక్కటే ఫ్లెక్సీ, కొత్త వాసన ఇంకా పోలేదు. ఇంగ్లీషులో బట్టీపట్టిన నాలుగు వాక్యాలు వచ్చిన ప్రతివాళ్ళకూ చెబుతున్నాను. అయిదో వాక్యం అడిగితే గొంతు ఆగిపోతోంది. అప్పుడు జడేసుకున్న ఒకావిడ, ముప్ఫై ఏళ్ళుంటాయేమో, పోస్టరు మీద ఊరి పేరు చదివి, "ఏమ్మా, అహోబిలమా? తెలుగేనా?" అంది. వాళ్ళది కోలారు. ఇంట్లో తెలుగే మాట్లాడతారట. పీహెచ్‌డీ చేస్తోంది.

"ఇదంతా తెలుగులో చెప్పమ్మా నాకు" అంది.

చెప్పాను. స్వాతి నక్షత్రం రోజున గుడికి జనం బాగా వస్తారు, ఆ రోజు కోతులకు కొబ్బరి చిప్పలు, అరటిపండ్లు విపరీతంగా దొరుకుతాయి. అలాంటి రోజుల్లో అవి ఒకదానికొకటి పేలు చూసుకోవడం తగ్గుతుందా, కొట్లాటలు పెరుగుతాయా అన్నది నా ప్రశ్న. ఇంగ్లీషులో "గ్రూమింగ్" అన్నప్పుడు అది పాఠంలోని మాట. "పేలు చూసుకోవడం" అనేసరికి ఎండలో బండ మీద ఒకటి పడుకుని, ఇంకొకటి దాని వీపు మీద వెంట్రుకలు పాయలు పాయలుగా విడదీస్తూ కనిపించింది. బుగ్గ సంచిలో తిండి దోపుకోవడం, పిల్లతల్లి గుంపుకు కాస్త ఎడంగా నడవడం, మగపిల్లలు పెద్దయ్యాక గుంపు వదిలి పోవడం, ఆడవి పుట్టిన గుంపులోనే ఉండిపోవడం, అన్నీ ఆగకుండా వచ్చాయి. ఇరవై నిమిషాలు చెప్పాను. నా పని నాకే మొదటిసారి పూర్తిగా అర్థమైంది.

ఆవిడ అంతా విని గ్రాఫు మీద వేలు పెట్టింది. "కొట్లాటలు ఇన్ని ఎట్ల వచ్చినాయి?"

"చూసినవన్నీ రాశానక్కా."

"అదే కదమ్మా. కొట్లాట అయితే అరుపు వినపడుతుంది, తల తిప్పి చూస్తావు. రెండు కోతులు చప్పుడు లేకుండా పేలు చూసుకుంటా కూర్చుంటే తల తిప్పుతావా? కంటిని ఏది లాగితే అది రాసినావు."

మూడు నెలలు, పొద్దున ఆరింటి నుంచి చేసిన పని. కడుపులో చల్లబడింది. ఆవిడ నా చేతిలోంచి నోటుబుక్కు తీసుకుని వెనక పేజీలో గడులు గీసింది. పది నిమిషాలు, ఒక్కటే కోతి. పక్కన యుద్ధమైనా కన్ను దాని మీదే. పది నిమిషాలయ్యాక చీటీ తీసి వచ్చిన పేరున్న రెండో కోతి. ఏ కోతిని చూడాలో నీ ఇష్టానికి వదలకూడదు, చీటీకే వదలాలి. జంతువుల ప్రవర్తనను ఎలా గమనించాలో 1974లో జీన్ ఆల్ట్‌మన్ రాసిన వ్యాసం ఇదే చెబుతుంది. ఫోకల్ శాంప్లింగ్ అని పరీక్షలో నేను అయిదు మార్కులకు రాశాను. అది నా అంగడి ముందరి కోతికి వర్తిస్తుందని తట్టనే లేదు. "మూడు నెలలు వృథా కాలేదు" అంది అక్క. "ఏ ప్రశ్న అడగాలో దాని వల్లే తెలిసింది కదా. గ్రాఫు మాత్రం నమ్మొద్దు."

తర్వాత డేటా షీటులో పేర్లు చూసింది. తోకతెగి, చెవిచీలిక, ముసలామె, మిర్చి. "ఈ పేర్లు ఎవరు పెట్టినారు?"

"మా అమ్మ."

"అంగడి కాడికి వచ్చేవాటిని అన్నింటినీ గుర్తుపడుతుందా?"

"మొహం చూసి చెబుతుంది. ఏది ఏదాని బిడ్డో కూడా చెబుతుంది."

"మేము కొత్త గుంపును గుర్తుపట్టేదానికే నెలలు పడుతుందమ్మా" అంది. తమాషాకు కాదు. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహం చూశాను.

ఆ మాటకొస్తే మా ఊళ్ళో ఉండే బోనెట్ కోతి ఎక్కడబడితే అక్కడ ఉండే జంతువు కాదు. నడినెత్తిన వెంట్రుకలు టోపీలా పరుచుకునే ఈ కోతి దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఎక్కడా లేదు. ఉత్తరాది ఎర్రమూతి రీసస్ కోతి కిందికి కిందికి దిగుతూ దీని చోటు ఆక్రమిస్తోంది. తెలంగాణలో ఉన్నవాళ్ళు గమనించే ఉంటారు. ప్రపంచంలో ఏ జాతికి ఎంత ముప్పుందో చెప్పే ఐయూసీఎన్ జాబితాలో ఇప్పుడిది ముప్పు పొంచి ఉన్న (వల్నరబుల్) జాతుల్లో ఉంది. కర్ణాటకలోని బందీపూర్‌ అడవిలో ఇవి మనుషుల ముందు చెయ్యి చాచి, ప్రత్యేకంగా "కూ" అని తిండి అడగడం కోతుల పరిశోధకుడు అనింద్య సిన్హా బృందం రికార్డు చేసింది. మా ఊళ్ళో కోతులు అడగవు, లాక్కుంటాయి. ఎందుకు ఈ తేడా అన్నది నన్ను ఇంకా తొలుస్తోంది.

ఆ సాయంత్రం అక్క నన్ను వెంటబెట్టుకుని అందరి దగ్గరికీ తిప్పింది. బెంగళూరులోనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రం ఎన్‌సీబీఎస్‌లో వైల్డ్‌లైఫ్ బయాలజీ ఎమ్మెస్సీ ఉంది, డిగ్రీ ఏదైనా ఫర్లేదు, ఇంజనీరింగ్ చదివినవాళ్ళూ చేరతారు. డెహ్రాడూన్‌లో 1982లో పెట్టిన వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. మైసూరు నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్, బెంగళూరు ఏట్రీ లాంటి పరిశోధన సంస్థల్లో ప్రాజెక్టులకు ఫీల్డు అసిస్టెంట్లను తీసుకుంటారు. నెట్ రాసి జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ తెచ్చుకుంటే నెలకు 37,000. హైదరాబాదులో అంతరించిపోతున్న జంతువుల మీద పనిచేసే సీసీఎంబీ వాళ్ళ ల్యాబు లాకోన్స్ ఉంది. తిరుపతిలో ఐసర్ అనే కేంద్ర సైన్స్ సంస్థలో పక్షుల మీద, జంతువుల ప్రవర్తన మీద పనిచేసే ల్యాబులున్నాయి.

తిరుపతి! ఏటా వెంకన్న దర్శనానికి పోయే ఊరు. అక్కడ ఉన్నదాన్ని తెలుసుకోవడానికి నేను బెంగళూరు రావలసి వచ్చింది. ఆ రాత్రి నిజంగా కోపమొచ్చింది, ఎవరి మీదో చెప్పలేను. మా ఊళ్ళో గొర్రెల వెంట తిరిగే పిల్లలకు ఏ పిట్ట ఎక్కడ గుడ్డు పెడుతుందో తెలుసు. ఈ వివరాలన్నీ ఇంగ్లీషులో, ఎక్కడో దూరంగా ఉన్నాయి. ఒక్క కాగితం తెలుగులో రాసి డిగ్రీ కాలేజీ గోడకు అంటిస్తే ఎంత ఖర్చు? నోటుబుక్కులో అవన్నీ తెలుగులో రాయడం మొదలుపెట్టాను. ఎవరు చేరవచ్చు, ఎప్పుడు అప్లై చేయాలి, ఫీజెంత, స్కాలర్‌షిప్ ఉందా. తెలియని గడులు ఖాళీగా వదిలి మర్నాడు అక్కను అడిగి నింపుకున్నాను. జూనియర్లకు మొదటి కాపీ ఇప్పటికే ఇచ్చేశాను.

మూడో రోజు, నాలుగో రోజు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఒక వర్క్‌షాపులో కూర్చున్నాను. కాఫీలు బాగా తాగాను.

తిరుగు రైలులో హిందూపురం దాటాక సిగ్నలు వచ్చింది. అమ్మకు ఫోను చేసి 37,000 సంగతి చెప్పాను. "నెలకా?" అంది. నెలకే అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మే, కొత్త మగకోతి ఒకటి వచ్చింది. మూడు రోజులుగా చింతచెట్టు కింద ఒంటరిగా కూర్చుంటోంది. దగ్గరికి పోతే మన పెద్దది తరుముతోంది. మిర్చి మాత్రం దాని వైపే చూస్తోంది" అంది.

నేను పెన్ను తీశాను. "ఎన్నింటికి వస్తుందమ్మా?"

"గుడి తలుపులు తీయకముందే వస్తుంది."

"రేపు నేను వచ్చేసరికి మధ్యాహ్నమవుతుంది. పొద్దున్నే పది నిమిషాలు దాన్నొక్కదాన్నే చూడమ్మా. పక్కన ఏమైనా సరే, తల తిప్పకు."

"అంగడి ఎవరు చూస్తారే?" అంది. ఫోను పెట్టేసిందనుకున్నాను. "పది నిమిషాలే కదా, బేరం లేనప్పుడు చూస్తాలే" అంది.