గ్రీసు వెళ్తే ఒక్క చిన్న దీవి చాలు: ఏజినాలో ఏం చేయొచ్చంటే

గ్రీసు వెళ్లొచ్చామని తెలిసిన దగ్గర్నుంచి కాశీబుగ్గలో ఎవరు కనిపించినా సాంటోరిని దీవి చూశారా అనే అడుగుతున్నారు. చూడలేదు. ఆ తెల్లటి గోడలు, నీలం గోపురాల ఫొటోలు నాకూ ఇష్టమే, కానీ అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని ఒక్కో దీవిలో ఒక్కో రాత్రి పడుకుని, తెల్లారేసరికి సూట్‌కేసులు ఈడ్చుకుంటూ రేవుకి పరిగెత్తే సెలవు నాకొద్దు. మ్యూనిక్‌లో తమ్ముడి దగ్గరికి ఎలాగూ వెళ్తున్నాం, అదే షెంజెన్ వీసాతో గ్రీసు కూడా తిరగొచ్చు కదా అని, ఏథెన్స్‌కి దగ్గర్లో ఉన్న ఏజినా దీవి ఒక్కటే ఎంచుకుని అక్కడే ఉండిపోయాం. మన శ్రీకాకుళం జిల్లా నుంచి పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది కూడా ఇదే, దీవులు లెక్కపెట్టుకోకండి, ఒకచోట ఉండండి.

వెళ్లడం కష్టం కాదు. ఏథెన్స్ ఎయిర్‌పోర్టు నుంచి పిరేయస్ రేవు దాకా 2022 నుంచి మెట్రో నేరుగా వెళ్తోంది, రేవులో ఈ8 గేటు దగ్గర ఏజినా ఓడలు ఉంటాయి. ఫాస్ట్ బోటు సుమారు నలభై నిమిషాలు, మామూలు పెద్ద ఓడ గంట పైచిలుకు. పెద్ద ఓడే ఎక్కండి, పైన డెక్ మీద గాలికి కూర్చోవచ్చు, టికెట్ కూడా తక్కువ. జులై, ఆగస్టుల్లో ఏజియన్ సముద్రం మీద మెల్తెమి అనే ఉత్తర గాలి వీస్తుంది, అది ముదిరితే దూరపు దీవుల ఓడలు ఆపేస్తారు. ఏజినా సరోనిక్ గల్ఫ్ అనే సింధుశాఖ లోపలికి ఉంటుంది కాబట్టి ఆ టెన్షన్ బాగా తక్కువ.

ఇక మేం ఏజినా ఎంచుకున్న అసలు కారణం పిస్తా. మాది జీడి ఇల్లు. పలాసలో నాన్నకి చిన్న జీడి ఫ్యాక్టరీ ఉంది, ఇంట్లో భోజనం దగ్గర కూడా జీడిపిక్కల బస్తా రేటు గురించే మాట్లాడుకుంటాం. ఏజినా గ్రీసు మొత్తానికీ పిస్తాకి పేరు పడ్డ దీవి, 1996 నుంచి ఏజినా పిస్తాకి యూరోపియన్ యూనియన్ రక్షణ ఉంది, అంటే వేరేచోట పండిన పిస్తాని ఆ పేరుతో అమ్మకూడదు. రేవు పొడవునా పిస్తా కొట్లే. ఆగస్టు రెండో సగంలో కోత మొదలవుతుంది, మేం సరిగ్గా అప్పుడే ఉండేలా వెళ్లాం. మేం దిగిన ఇంటివాళ్లని అడిగితే వాళ్ల చుట్టాల తోటకి పంపించారు.

చెట్లు మరీ ఎత్తేం కాదు, మన జీడి చెట్లలాగే పక్కలకి పరుచుకుని ఉంటాయి. కింద వలలు పరిచి, పొడవాటి కర్రలతో కొమ్మల్ని తడుతుంటే కాయలు గుత్తులు గుత్తులుగా రాలతాయి. నాన్న ఒక కాయ ఏరుకున్నారు. పైన ఎరుపూ పసుపూ కలిసిన మెత్తటి తొక్క, వేళ్లతో నొక్కితే జారిపోయింది, లోపల తెల్లటి పెంకు అప్పటికే నోరు తెరుచుకుని ఉంది, సందులోంచి ఆకుపచ్చ పప్పు కనిపిస్తోంది. "దీన్ని ఎవులు కొట్టారమ్మా?" అన్నారు నాన్న. తోటాయన కూతురికి ఇంగ్లీషు వచ్చు, నేను అడిగితే ఆమె చెట్టుని చూపించింది. పప్పు ఎదిగి లావెక్కేకొద్దీ పెంకు చెట్టు మీదే దానంతటదే పగులుతుందట. జీడి పని తెలిసినవాళ్లకి ఆ మాట ఎంత పెద్దదో చెప్పక్కర్లేదు. మన దగ్గర అసలు కష్టమంతా పిక్క కొట్టడంలోనే ఉంది, ఉడికించో కాల్చో, ఒక్కొక్క పిక్కనీ కోసి, పప్పు బద్దలవకుండా గుండుగా బయటికి తీయాలి, పెంకులో ఉండే జీడి నూనె తగిలితే చర్మం కాలి పుండు పడుతుంది. ఆ పనిలో చేతులు నల్లబడ్డ ఆడవాళ్లని చూస్తూ పెరిగినదాన్ని నేను. నాన్న ఆ కాయని చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "మన ఆడోళ్ల చేతులకి ఇలాంటి చెట్టు దొరకలేదు" అన్నారు.

జీడి, పిస్తా, మామిడి మూడూ ఒకే కుటుంబం చెట్లని అక్కడే నాన్నకి చెప్పాను. పిస్తా ఆకు నలిపి వాసన చూసి తలూపారు, మామిడి సొన వాసన పట్టేశారు ఆయన. పిస్తాలో ఆడ చెట్లు వేరు, మగ చెట్లు వేరు. ఎనిమిది పది ఆడ చెట్లకి ఒక మగ చెట్టు నాటుతారు, పుప్పొడిని మోసేది తేనెటీగలు కాదు, గాలి. కోసిన రోజే పై తొక్క తీసేయాలి, ఆలస్యమైతే పెంకు మీద మరక పడి రేటు పడిపోతుంది, ఆ తర్వాత ఎండబెట్టి, కొంత సరుకుని ఉప్పూ నిమ్మరసం పట్టించి వేయిస్తారు. ఈ చెట్లు వందేళ్లు దాటి కూడా బతుకుతాయని విన్నప్పుడు నాన్నకి 2018లో తిత్లీ తుఫాను గుర్తొచ్చింది. ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు ఒక్క రాత్రిలో నేలకొరిగాయి కదా, మా తాత వేసిన చెట్లు కూడా అందులోనే పోయాయి.

తోట తర్వాత చూడాల్సింది అఫాయా అనే గ్రీకు దేవత గుడి. ఏజినా పట్నం నుంచి అగియా మరీనా వెళ్లే బస్సు అక్కడ ఆపుతుంది. క్రీస్తుపూర్వం 500 ప్రాంతంలో పైన్ చెట్ల కొండ మీద కట్టిన గుడి, స్తంభాలు చాలావరకు ఇంకా నిలబడే ఉన్నాయి, గాలి తేటగా ఉంటే ఏథెన్స్ కూడా కనిపిస్తుంది. పైకప్పు కింద ముక్కోణంలో ఉండాల్సిన యోధుల శిల్పాలు మాత్రం అక్కడ లేవు. 1811లో తవ్వి తీశారు, బవేరియా యువరాజు కొన్నాడు, ఇప్పుడు మ్యూనిక్‌లో గ్లిప్టోథెక్ మ్యూజియంలో ఉన్నాయి. మేం వారం ముందే తమ్ముడితో వాటిని చూసి ఉన్నాం కాబట్టి, ఖాళీ గుడి ముందు నిలబడితే నాకు బాధేసింది. కొండ మీద శిల్పాలు కొండ మీదే ఉండాలి, నా అభిప్రాయం అంతే.

అదే బస్సులో ఇంకా కిందికి దిగితే అగియా మరీనా బీచ్. ఈత రానివాళ్లకి ఏజినాలో ఇదే మంచిది, ఇసుక నేల, చాలా దూరం దాకా లోతు ఉండదు. బారువలోనో కళింగపట్నంలోనో పెద్దవాళ్లం మోకాళ్ల లోతు దాటి వెళ్లం, కెరటం లాగేస్తుందని చిన్నప్పట్నుంచీ భయం. ఇక్కడ అమ్మ గుండెల దాకా నీళ్లలో దిగి, తన కాలి మెట్టెలు కనిపిస్తున్నాయని నన్ను పిలిచి చూపించింది. ఆటుపోట్లు దాదాపు ఉండవు. పైగా మన బంగాళాఖాతంలో గంగ, మహానది, గోదావరి నీళ్లు కలిసి ఉప్పు తగ్గుతుంది గానీ ఆ సముద్రంలో ఉప్పు ఎక్కువ, మనిషి తేలిగ్గా తేలతాడు. రాళ్లున్న బీచ్‌ల్లో మాత్రం రబ్బరు చెప్పులు వేసుకుని దిగండి, ముళ్లున్న సముద్రపు జీవులు రాళ్లకి అంటుకుని ఉంటాయి.

ఆ బస్సు దారిలోనే సెయింట్ నెక్టారియోస్ మఠం. 1920లో చనిపోయిన ఈయన్ని 1961లో సెయింట్‌గా ప్రకటించారు, దూరాల నుంచి రోగులు మొక్కుకుని వస్తారు. సన్నటి కొవ్వొత్తులు వెలిగించి ఇసుకలో గుచ్చి, పాలరాతి సమాధికి చెవి ఆనించి లోపల చప్పుడు వినిపిస్తుందేమోనని కాసేపు అలాగే ఉంటారు. అమ్మ కూడా చెవి ఆనించింది. ఏం విందో చెప్పలేదు, నేనూ అడగలేదు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి.

ఏజినా పట్నంలో మ్యూజియానికి వెళ్తే ఆ దీవి పాత వెండి నాణేల గురించి తప్పకుండా కనుక్కోండి. గ్రీకుల్లో అందరికంటే ముందు వెండి నాణేలు కొట్టినవాళ్లలో వీళ్లున్నారు, వాటి మీద బొమ్మ తాబేలు. శ్రీకూర్మం దేవుడి జిల్లా నుంచి వెళ్లి అది పట్టించుకోకుండా ఎలా వస్తాం? పెర్డికా ఊరి నుంచి చిన్న పడవలో మోనీ అనే లంకకి వెళ్తే నెమళ్లు, జింకలు మనుషుల మధ్యే తిరుగుతుంటాయి, పిల్లలుంటే వెళ్లండి.

తిండి గురించి అందరూ భయపెడతారు గానీ శాకాహారులకి ఇబ్బంది లేదు. టమాటాల్లో, క్యాప్సికంలో బియ్యం కూరి ఓవెన్‌లో వండే యెమిస్తా, పసుపు పప్పుని మెత్తగా చేసి ఉల్లిపాయ, ఆలివ్ నూనె వేసిచ్చే ఫావా, వంకాయ, బంగాళాదుంపలతో చేసే బ్రియామ్ చాలాచోట్ల దొరుకుతాయి. కారం ఉండదు, నిమ్మకాయ పిండుకుంటే సరిపోతుంది. రేవులో పడవ మీదే కూరగాయలు అమ్ముతారు, వంటగది ఉన్న రూము తీసుకుంటే అమ్మలు హాయిగా ఉంటారు. మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా ఊరు పడుకుంటుంది, మీరూ పడుకోండి, రాత్రి భోజనాలు తొమ్మిదికి గానీ మొదలవవు.

సెప్టెంబరులో అక్కడ పిస్తా పండుగ కూడా చేస్తారు, తేదీలు చూసుకుని వెళ్లొచ్చు. శని, ఆదివారాలు ఏథెన్స్ జనం అంతా ఇక్కడికే వచ్చేస్తారు, రూముల రేట్లు పెరుగుతాయి, కాబట్టి సోమవారం దిగి శుక్రవారం బయల్దేరేలా చూసుకోండి. పిస్తా కొనేది మాత్రం రైతుల సహకార సంఘం కొట్లోనే కొనండి, ఉప్పు లేనిది అడిగితే విడిగా ఇస్తారు.