ఓవెన్ లేని కుకీలు: నన్ను ఏడిపించింది పాకం

గిన్నెలు ఇంకా సింకులోనే ఉన్నాయి. టేబుల్ మీద వ్యాక్స్ పేపర్ పరిచి ఉంది, దాని మీద ముప్పై ఎనిమిది కుకీలు వరసగా ఆరుతున్నాయి. ఇప్పుడే ఒకటి చేత్తో ఎత్తి చూశాను. కాగితానికి అంటుకోలేదు, వంగలేదు. రెండుగా విరిస్తే లోపల మెత్తగా కోవాలా ఉంది. ఐదు రోజుల్లో మూడో ప్రయత్నం ఇది. మర్చిపోకముందే రాసి పెట్టాలని గిన్నెలు తోమకుండానే కూర్చున్నాను.

మేము హ్యూస్టన్‌లో ఉంటాం. ఇక్కడ డిసెంబర్ వచ్చిందంటే ఆఫీసుల్లో, కాలనీల్లో కుకీ ఎక్స్ఛేంజ్‌లు మొదలవుతాయి. తలా మూడు డజన్ల కుకీలు ఒకే రకం చేసి తీసుకెళ్లాలి. అన్నీ ఒక పెద్ద టేబుల్ మీద పెడతారు. వెళ్లేటప్పుడు ఎవరికి వాళ్లు అందరివీ కలిపి మూడు డజన్లు ఏరుకుని డబ్బాలో పెట్టుకుపోతారు. మా అపార్ట్‌మెంట్లలో ఇది ఏటా జరుగుతుంది, నన్ను పిలిచింది ఈ ఏడే. చాలా సంతోషపడ్డాను. ఉగాదికి అరవై మందికి పులిహోర, బొబ్బట్లు ఒక్కదాన్నే చేసిన మనిషిని, మూడు డజన్ల బిస్కెట్లు నాకొక లెక్కా అనుకున్నాను.

లెక్కే అయింది, ఎందుకంటే మా ఓవెన్ రెండున్నర నెలలుగా వేడెక్కడం లేదు. లీజింగ్ ఆఫీసులో మూడుసార్లు కంప్లయింట్ రాయించాను. మొదటిసారి ఎవరూ రాలేదు. రెండోసారి ఒకతను వచ్చి తలుపు తీసి చూసి, పార్ట్ తెప్పించాలి అని చెప్పి వెళ్లాడు. ఆ సాయంత్రమే పని పూర్తయిందని మెసేజ్ వచ్చింది. మూడోసారి వెళ్తే, మా రికార్డులో రిపేరు అయిపోయినట్టే ఉందండీ అన్నారు. అద్దె కట్టడం ఆలస్యమైతే మాత్రం ఫీజు వేయడం వాళ్లు ఎప్పుడూ మర్చిపోరు. కొత్తగా వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే ఒక్కటే చెప్తాను: ఫోన్లో చెప్పకండి, కౌంటర్ దగ్గర చెప్పకండి. ఫోటో తీసి, తేదీ వేసి, మెయిల్ పెట్టండి. పని కాకుండా కంప్లయింట్ మూసేస్తే అదే రోజు మళ్లీ తెరవండి.

అందుకే ఓవెన్ అక్కర్లేని రకం వెతుక్కున్నాను. వీటిని ఇక్కడివాళ్లు నో-బేక్ కుకీలు అంటారు. పంచదార, వెన్న, పాలు కలిపి పొయ్యి మీద మరిగించి, దించి, ఓట్స్ కలిపి, స్పూన్‌తో కాగితం మీద ముద్దలుగా వేస్తే చల్లారి గట్టిపడతాయి. మామూలుగా అందులో కోకో పొడి వేస్తారు. కోకో బదులు ఇన్‌స్టంట్ పుడ్డింగ్ మిక్స్, అంటే చల్లటి పాలలో కలిపితే చిక్కబడే తీపి పొడి, డబ్బా ఒకటి వేసే పద్ధతి ఇంకోటి ఉంది. బటర్‌స్కాచ్, వెనిలా, పిస్తా, ఏ రుచి డబ్బా వేస్తే ఆ రుచి వస్తుంది. గుడ్డు ఉండదు. ఆరు నెలల కోసం వచ్చిన మా అత్తయ్య గుడ్డు ముట్టరు కాబట్టి అదీ కలిసొచ్చింది. డబ్బా మీద జెల్-ఓ అన్న బ్రాండు పేరు చూసి, జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ ఉంటుందేమోనని డబ్బా వెనక మొత్తం చదివాను. జెలటిన్ ఉండేది వణికే జెల్లీ డబ్బాలో. నేను తెచ్చిన పుడ్డింగ్ డబ్బాలో ఉన్నది పంచదార, మార్చిన మొక్కజొన్న పిండి, కొన్ని ఫాస్ఫేట్ ఉప్పులు, రంగు, వాసన. అయినా మార్ష్‌మాలోలు వేసే రకాలు కూడా ఉన్నాయి, వాటిలో జెలటిన్ ఉంటుంది, చూసుకోండి. పచ్చి మైదా కలిపి కాల్చకుండా తినేసే రకాల జోలికి మాత్రం వెళ్లకండి. పచ్చి పిండి తినొద్దని ఇక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెప్తూనే ఉంది.

సరుకులు ఇవి: పంచదార 2 కప్పులు, వెన్న ఒకటిన్నర స్టిక్ అంటే 170 గ్రాములు, ఎవాపొరేటెడ్ మిల్క్ 2/3 కప్పు, పుడ్డింగ్ మిక్స్ చిన్న డబ్బా ఒకటి, క్విక్ ఓట్స్ మూడున్నర కప్పులు, వెనిలా ఒక టీస్పూను.

కొట్టులో మూడు చోట్ల తప్పు పట్టుకొచ్చే వీలుంది. ఎవాపొరేటెడ్ మిల్క్, కండెన్స్‌డ్ మిల్క్ పక్కపక్కనే ఒకేలాంటి డబ్బాల్లో ఉంటాయి. మొదటిది పాలలో నీళ్లు అరవై శాతం దాకా ఇగిర్చినది, తీపి ఉండదు. రెండోది మన మిల్క్‌మెయిడ్ లాంటిది, సగానికి కాస్త తక్కువగా పంచదారే. పుడ్డింగ్ మిక్స్‌లోనూ ఇన్‌స్టంట్ వేరు, కుక్ అండ్ సర్వ్ వేరు. మా ఆయన తెచ్చింది రెండోది. అది మన కస్టర్డ్ పౌడర్‌లాగా పాలలో ఉడికితేనే చిక్కబడుతుంది, తిరిగి ఇచ్చి మార్చుకొచ్చాం. ఓట్స్ క్విక్ ఓట్సే కావాలి. స్టీల్ కట్ ఓట్స్ అంటే ముక్కలు చేసిన గింజలు, ఉడకకుండా పంటి కింద రాళ్లే.

శుక్రవారం రాత్రి మొదటి విడత చేశాను. రెసిపీలో రాసినట్టే అన్నీ కొలిచాను. మరుగు రాగానే దించి పుడ్డింగ్ మిక్స్, ఓట్స్ కలపాలి అని రాసి ఉంది. గిన్నె అంచుల్లో బుడగలు రాగానే దించేశాను. కలిపాను, వేశాను. అరగంటలో గట్టిపడాలన్నారు, పడలేదు. ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున్నకి గట్టిగా ఉన్నాయి. హమ్మయ్య అనుకుని, ట్రేలో సర్ది, అందంగా కార్డు రాసి పెట్టాను.

శనివారం మధ్యాహ్నం మూడింటికి ఎక్స్ఛేంజ్ జరిగే క్లబ్‌హౌస్‌కి వెళ్లాం, నేనూ మా ఎనిమిదేళ్ల బాబూ. లోపల హీటర్ వేసి ఉంది, ఇరవై మంది దాకా ఉన్నారు. పావుగంట బాగానే ఉన్నాయి. తర్వాత ఒకదాని అంచు ఇంకోదానికి ఆనింది. ఇంకాసేపటికి ట్రేలో విడివిడిగా ఏమీ లేవు, అంతా ఒకటే ముద్ద. ఒకావిడ పట్టకారుతో ఒకటి ఎత్తబోతే తీగలా సాగింది, సగం కాగితానికే ఉండిపోయింది. ఆవిడ పైకి వచ్చిన సగాన్ని మళ్లీ ట్రేలోనే పెట్టి, పట్టకారుని టిష్యూతో మూడుసార్లు తుడిచి, పక్క ట్రే దగ్గరికి జరిగింది. అది నేను చూస్తున్నానని ఆవిడకి తెలుసు.

అక్కడితో అయిపోయినా ఊరుకునేదాన్ని. ఈ ఏర్పాట్లన్నీ చూసేవిడ వంటగదిలోంచి ఒక బౌల్, పెద్ద చెంచా పట్టుకొచ్చి, అందరికీ వినపడేలా, దీన్ని ఇందులోకి తీసేద్దాం, ఐస్‌క్రీమ్ మీద వేసుకుంటే అద్భుతంగా ఉంటుంది అంది. నవ్వారు. చెడ్డగా నవ్వారని అనను. కానీ ఆవిడ నా ట్రే ఎత్తి, కాగితం మీద చెంచాతో గీకుతుంటే ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తోంది. నేను రాసిన కార్డు బౌల్ ముందు ఆనించి పెట్టింది. కార్డు మీద కుకీలు అని ఉంది, బౌల్లో గోధుమరంగు ముద్ద ఉంది. ఒకామె, ఇది మీ ఇండియన్ హల్వానా అని అడిగింది. కాదండీ, మీ అమెరికా కుకీయే అని చెప్పాల్సి వచ్చింది. మా బాబు నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, మనవెందుకు ఎవరూ తీసుకోవట్లేదు?" అని తెలుగులో అడిగాడు. తెలుగులో అడిగాడు కాబట్టి సరిపోయింది.

నా డబ్బా మాత్రం నిండింది. అందరూ పట్టుబట్టి మూడు డజన్లూ నింపారు. వద్దన్నా వినలేదు. మనది ఒక్కటీ ఎవరూ తినకుండా వాళ్లవి ముప్పై ఆరు మోసుకుని ఇంటికి నడవడం అప్పు మోసినట్టే ఉంది. వడ్డించే చోట వంట లోపం ఎత్తకూడదని మా నాయనమ్మ అనేది. ట్రేని నెమ్మదిగా పక్కకి తీసి ఉంటే చాలు, ఆ మాత్రం మర్యాద ఏ దేశంలోనైనా మర్యాదే. ఎవరింట్లోనైనా, ఎవరి వంటైనా చెడితే దయచేసి బౌల్ తీసుకురాకండి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎక్కడ తప్పు జరిగిందో తెలియకపోవడమే ఎక్కువ బాధ పెట్టింది. పుడ్డింగ్ మిక్స్ వేశాను కదా, అదే గట్టిపడాలి కదా అన్నదే నా ఆలోచన. ఆ మిక్స్ చల్లటి పాలలో కలిపితే గట్టిపడేలా చేసిన పొడి. ఈ కుకీల్లో అది ఉన్న తడి కొంచెం పీల్చుకుంటుంది, రుచి ఇస్తుంది, అంతే. కుకీని నిలబెట్టేది పంచదార. ఇది నాకు అప్పటికి తెలియదు.

సోమవారం రెండో విడత. ఈసారి భయంతో నాలుగు నిమిషాలు గట్టిగా మరగనిచ్చాను. ఓట్స్ కలుపుతుండగానే గిన్నెలో బిగుసుకుపోయింది. పది కుకీలు వేశానో లేదో మిగతాదంతా పొడిపొడిగా రాలిపోయింది. గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

మా అత్తయ్య అప్పటిదాకా ఏమీ అనలేదు. శనివారం సంగతి ఆవిడకి బాబు చెప్పాడట. వచ్చి, రాలిన పొడి వేళ్ల మధ్య నలిపి చూసి, "ఏ పాకం పట్టావమ్మా?" అని అడిగారు.

"పాకం ఏమీ లేదు అత్తయ్యా, మరుగు రాగానే దించమని రాశారు" అన్నాను.

"పంచదార మరిగించాక పాకం లేకపోవడం ఏమిటి? మొన్నటిది లేత పాకం, ఇవాళ్టిది ముదిరిపోయింది. రేపు నేను పక్కన నిల్చుంటాను, చెయ్యి" అన్నారు.

భీమవరం పక్క పల్లెలో నలభై ఏళ్లుగా ప్రతి సంక్రాంతికీ అరిసెలు వండిన మనిషి. నిన్న వాన పడింది, అందుకని ఇవాళ దాకా ఆగమన్నారు. గాలిలో తేమ ఉంటే పాకం వంటలు సరిగ్గా ఆరవని ఆవిడ పట్టుదల. హ్యూస్టన్ గాలి సంగతి తెలిసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు.

ఇవాళ పొద్దున ముందుగా ఓట్స్ కొలిచి పుడ్డింగ్ పొడితో కలిపి పక్కన పెట్టించారు, చివర్లో తడుముకోకుండా. కాగితం పరిపించారు. ఒక చిన్న పళ్లెంలో చల్లటి నీళ్లు పోసి పొయ్యి పక్కన పెట్టుకున్నారు. వెన్న కరిగింది, పంచదార కరిగింది, అంచుల్లో బుడగలు వచ్చాయి. నా చెయ్యి స్టవ్ నాబ్ మీదకి వెళ్తే పట్టుకుని ఆపారు. తర్వాత మధ్యలో కూడా బుడగలు లేచి, గరిటె తిప్పుతున్నా అణగకుండా పొంగాయి. అదీ మరుగు అంటే. అక్కడినుంచి గరిటె చివరతో ఒక్కో చుక్క నీళ్లలో వేస్తూ వచ్చారు. మొదటి చుక్క పాల మరకలా నీళ్లలో కలిసిపోయింది. రెండోది పళ్లెం అడుగుకి చేరి వేలితో తాకితే విడిపోయింది. మూడోది కరగలేదు. వేలితో దగ్గరకి లాగితే జిగటగా ఒక చోటికి వచ్చింది, కానీ ఉండ కట్టలేదు, వేలి మీద మెల్లగా జారింది. "అరిసెలకైతే ఇంకొంచెం ఆగేదాన్ని. దీనికి ఇక్కడే దించు" అన్నారు. మా కాయిల్ స్టవ్ ఆపేసినా ఎర్రగానే ఉంటుంది, అందుకని ఆపి వదిలెయ్యకుండా గిన్నె తీసి పక్క బర్నర్ మీద పెట్టాను.

గడియారం చూస్తే మధ్యలో మరుగు లేచినప్పటినుంచి నిమిషంన్నర అయింది. మీ స్టవ్‌కి, మీ గిన్నెకి అది ఒక నిమిషం కావచ్చు, రెండు కావచ్చు. అందుకే నిమిషాలు రాసేవాళ్ల మీద నాకు కోపం. తర్వాత మిఠాయి థర్మామీటర్ లెక్క కూడా చదివాను. ఈ కుకీలకి 230 ఫారెన్‌హీట్ దగ్గర దించమంటారు, మెత్తటి ఉండ పాకం 235 దగ్గర మొదలవుతుంది. అత్తయ్య వేలు చెప్పింది సరిగ్గా అదే, ఒక్క మెట్టు ముందు.

ఓట్స్, పొడి ఒకేసారి పోసి, వెనిలా వేసి, అడుగునుంచి తిప్పుతూ ముప్పై సార్లు కలిపాను. మెరుపు కొంచెం తగ్గగానే ఇద్దరం రెండు స్పూన్లతో గబగబా వేశాం. ఆలస్యం చేస్తే గిన్నెలోనే బిగుస్తుంది. ఇరవై నిమిషాల్లో పైన మెరుపు పోయింది, కాగితం నుంచి వాటంతట అవే ఊడివచ్చాయి. ఫ్రిజ్ అక్కర్లేదు, మూత గట్టిగా ఉన్న డబ్బా చాలు.

ఇందులోంచి ఒక డజను ఆ బౌల్ తెచ్చినావిడ ఇంటికి సాయంత్రం తీసుకెళ్తాను, పాత కార్డే పైన పెట్టి. అత్తయ్య ఫిబ్రవరిలో వెళ్లిపోతున్నారు. సూట్‌కేసులో పెట్టుకోవడానికి పిస్తా డబ్బాలు నాలుగు, బటర్‌స్కాచ్ రెండు కావాలన్నారు. అక్కడ ఎవాపొరేటెడ్ మిల్క్ దొరక్కపోతే ఎలా అత్తయ్యా అంటే, "పాలు సగం దాటి మరగబెడితే అదే కదమ్మా" అని, పళ్లెంలో నీళ్లు పారబోసి వచ్చి ఇంకో కుకీ తీసుకున్నారు.